టొరంటో నుంచి ఎటు వెళ్లాలి: బ్యాన్ఫ్ కొండలకా, క్యుబెక్ వీధులకా?

ప్రశ్న: విశ్రాంత ఇంజనీరు, కూకట్‌పల్లి

నమస్కారం. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి, అల్లుడు కెనడాలో టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో ఉంటారు. సెప్టెంబర్ మూడో వారంలో నేనూ నా భార్యా వారి దగ్గరకు వెళ్లి మూడు వారాలు ఉండబోతున్నాం. అల్లుడికి దొరికేది ఐదు రోజుల సెలవు, దానికి అటూ ఇటూ శని, ఆదివారాలు. నేను రాసుకున్న కాగితంలో మాత్రం నయాగరా, మాంట్రియల్, క్యుబెక్, బ్యాన్ఫ్, వాంకూవర్ అన్నీ ఉన్నాయి. మా ఆవిడకు మోకాళ్ల నొప్పి వల్ల మెట్లు ఎక్కడం కష్టం. వీటిలో ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: తార్నాకవాసి

ముందుగా వాంకూవర్‌ను కొట్టివేయండి. మన ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఎంత పొడవుందో, టొరంటో నుంచి వాంకూవర్‌కు రోడ్డు మార్గం అంతకంటే ఎక్కువ. స్టాన్లీ పార్కు, దాని చుట్టూ సముద్రపు గట్టు మీద నడకదారి నిజంగా అందమైనవే, కానీ వాటి కోసం మీకున్న కొద్ది రోజుల్లో రెండు రోజులు విమానాలకు ధారపోయడం దండగ.

నా ఓటు బ్యాన్ఫ్‌కు. కాల్గరీ దాకా విమానంలో వెళితే అక్కడి నుంచి బ్యాన్ఫ్ సుమారు 130 కిలోమీటర్లు. 1885లో మొదలైన బ్యాన్ఫ్ పార్కు కెనడాలో మొట్టమొదటి జాతీయ ఉద్యానం. మేము నిరుడు అమ్మానాన్నలను తీసుకుని వెళ్లాం. అక్కడి లేక్ లూయిస్ అనే సరస్సు రంగును ఫోటోలో చూసి, ఎవరో కంప్యూటర్‌లో దిద్దారని నాన్న వాదించేవారు. హిమానీనదం కింద రాయి అరిగి పిండిలా మారి నీటిలో తేలుతుందని, దాని మీద వెలుగు పడి చెదిరినప్పుడు ఆ నీలాకుపచ్చ రంగు వస్తుందని అక్కడి బోర్డు చదివాక, ఆయన ఒక సీసాలో నీళ్లు పట్టి ఎండకు ఎత్తి చూశారు. సీసాలో అది మామూలు నీరులాగే కనిపించింది! సరస్సు పక్క బాట చదునుగా ఉంటుంది కనుక మీ శ్రీమతి గారికి ఇబ్బంది లేదు. అదే పార్కులోని మరో సరస్సు మొరేన్ లేక్‌కు మాత్రం 2023 నుంచి సొంత కార్లను అనుమతించడం లేదు. పార్క్స్ కెనడా (అక్కడి జాతీయ ఉద్యానాల సంస్థ) బస్సులో ముందుగా సీటు తీసుకోవాలి. ఆ దారిని అక్టోబర్ మధ్యలో మూసేస్తారు, కాబట్టి ఆలస్యం చేయకండి. సెప్టెంబర్ చివర్లో అక్కడి లార్చ్ చెట్లు పసుపు పచ్చగా మారతాయి.

జవాబు: మలక్‌పేట నుంచి వచ్చి టొరంటోలో ఉంటున్నవాడిని

పై మిత్రులతో నేను ఏకీభవించను. పెద్దవాళ్లకు విమానం, అద్దె కారు, కొండల చలి కలిపితే శ్రమే. కారులో ఒట్టావా, మాంట్రియల్ మీదుగా ఎక్కడికక్కడ ఆగుతూ క్యుబెక్ వెళ్లండి. ఉత్తర అమెరికాలో మెక్సికోకు ఉత్తరాన కోటగోడ నిలిచి ఉన్న నగరం అదొక్కటే. మన హైదరాబాద్ చుట్టూ ఉన్న గోడ పోయి పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రమే మిగిలాయన్న సంగతి తెలిసినవారికి ఆ గోడ మీద నడవడం వేరే అనుభూతి. కింది పేటకూ పై పేటకూ మధ్య మెట్లు ఎక్కనక్కరలేదు, పట్టాల మీద నడిచే లిఫ్టు లాంటి బండి ఉంది. ఊరి పక్కనే మాంట్‌మొరెన్సీ జలపాతం 83 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది, ఎత్తులో నయాగరా కంటే పెద్దది. దాని పైకి కేబుల్ కారు కూడా ఉంది.

టొరంటోలో సి.ఎన్. టవర్ 553 మీటర్లు. పైకెక్కి చూడటం కంటే సాయంత్రం పడవలో టొరంటో దీవులకు వెళ్లి, నీళ్ల మీద నుంచి టవర్‌తో సహా ఊరంతా చూడటమే నాకు నచ్చుతుంది.

జవాబు: నాగోలు

ఇంజనీరు గారికి నయాగరా గురించి ఒక్క మాట. అది మీ శాఖ సంగతే! 1950 నాటి అమెరికా, కెనడా ఒప్పందం ప్రకారం పర్యాటకుల కాలంలో పగటిపూట కనీసం లక్ష క్యూసెక్కులు జలపాతం మీదుగా వదలాలి. రాత్రివేళ, చలికాలంలో 50 వేలు చాలు. మిగతా నీరు రెండు దేశాల విద్యుత్ కేంద్రాలకు పోతుంది. సాగర్ గేట్లు ఎత్తిన రోజున వెళ్లి చూసినట్టుగా, దీన్ని పగలే చూడండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. క్యూసెక్కుల మాట వినగానే నయాగరా మొదటి శనివారం పగలే అని నిశ్చయమైంది. మిగతాది మా ఆవిడకే వదిలిపెట్టాను. ఆమె సీసాలో నీళ్ల కథ రెండుసార్లు చదివించుకుని బ్యాన్ఫ్ అంది. మొరేన్ లేక్ బస్సులో నాలుగు సీట్లు చూడమని అల్లుడికి ఫోను చేశాను.