కాలేజీకి ముప్పై ఏళ్లు, నెత్తి మీద న్యాక్, చేతిలో చందా పుస్తకం: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

చాక్‌పీస్
మాది తెలంగాణలో ఒక చిన్న పట్నం, ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. ఈ ఏడాదితో ముప్పై ఏళ్లు నిండుతాయి. కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు, గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ న్యాక్ దగ్గర రెండో సైకిల్లో బి ప్లస్ వచ్చింది, దాని గడువు ఐదేళ్లూ అయిపోవస్తోంది. ఆ పనులు చూసే కాలేజీ నాణ్యతా విభాగం, అంటే ఐక్యూఏసీకి, కోఆర్డినేటర్‌గా ఉన్న సార్ బదిలీ అయ్యారు. స్టాఫ్ మీటింగ్‌లో అందరూ కిటికీలోంచి బయటికి చూస్తుంటే నేనొక్కదాన్నే ప్రిన్సిపాల్ గారి వైపు చూశాను, ఆ బాధ్యత నాకొచ్చింది.

ముప్పై ఏళ్ల పండుగ అనేసరికి పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు ఒక్కసారిగా లేచి కూర్చున్నాయి. డబ్బు ఇస్తామంటున్నారు, సంతోషమే. కానీ సగం మందికి గేటు దగ్గర ఆర్చి కట్టాలని ఉంది, దాని మీద బ్యాచ్ పేర్లు. మాకేమో అమ్మాయిలకు టాయిలెట్లు చాలవు, కెమిస్ట్రీ ల్యాబ్‌లో బ్యూరెట్లు సగం విరిగిపోయాయి. ఈ డబ్బు ఎలా తీసుకోవాలి, న్యాక్‌లో అది లెక్కకు వస్తుందా, అసలు ఫైళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? టెన్షన్‌గా ఉంది, నిజం చెప్తున్నా.

పాత బెంచి
అమ్మా, నేను రిటైర్డ్ ప్రిన్సిపాల్‌ని. రెండు కాలేజీల్లో మూడుసార్లు న్యాక్ చేయించాను. మొదటిసారి చేసిన తప్పు చెప్తాను, అది మీకు పనికొస్తుంది.

మేం పీర్ టీమ్, అంటే న్యాక్ తనిఖీ కమిటీ, వచ్చే రెండు రోజుల గురించే ఆలోచించాం. గోడలకు సున్నం, వరండాలో పూల కుండీలు, ఎన్‌సీసీ పిల్లలతో గౌరవ వందనం. 2017లో పద్ధతి మారిందన్న సంగతి మాకు బుర్రకెక్కలేదు. ఆ పద్ధతిలో మార్కుల్లో దాదాపు 70 శాతం మనం ఆన్‌లైన్లో పెట్టే లెక్కల మీదే ఉండేది. కమిటీ వచ్చి చూసి వేసేది మిగతా 30 శాతానికే. మన దరఖాస్తు (ఐఐక్యూఏ) ఒప్పుకున్న రోజు నుంచి కాలేజీ గురించి మనమే రాసే నివేదిక (ఎస్‌ఎస్‌ఆర్) పెట్టడానికి 45 రోజులు ఉండేవి. ఆ 45 రోజుల్లో ఐదేళ్ల కాగితాలు వెతికాం. తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లు ప్రతి ఏటా గిడుగు జయంతికి ఊళ్లోకి వెళ్లి కార్యక్రమం చేసేవాళ్లు. నిజంగా చేశారు, నేను కూడా వెళ్లాను. ఫొటోలున్నాయి గానీ వాటి మీద తేదీ లేదు, చోటు లేదు, వచ్చినవాళ్ల సంతకాలు లేవు. మనం పెట్టిన లెక్కలు సరిచూసే డీవీవీ వాళ్లు ఆధారం అడిగారు. మా దగ్గర ఉన్నది జ్ఞాపకం. జ్ఞాపకానికి మార్కులు వెయ్యరు కదా.

అందుకని ఈ రోజే ఒక పని చెయ్యండి. ప్రతి డిపార్ట్‌మెంట్‌కి ఒక మనిషిని పెట్టి, కార్యక్రమం అయిన రోజు సాయంత్రానికే జియోట్యాగ్ ఫొటో (చోటు, తేదీ పడేది), సర్క్యులర్, హాజరు షీటు, ఒక పేజీ రిపోర్టు ఫైల్లో పడేలా చూడండి. ఇంకొకటి. మేం వెళ్లినప్పుడు మొత్తం 1000 మార్కుల్లో అఫిలియేటెడ్ కాలేజీకి, అంటే యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న మనలాంటిదానికి, రెండో క్రైటీరియన్ (విభాగం) ఒక్కటే 350. అంటే బోధన, పరీక్షలు, పాస్ శాతం, పోస్టుల భర్తీ. ఆర్చికి ఎన్ని మార్కులో మీరే చెప్పండి.

ఖజానా
మేడమ్, నేను ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘానికి కోశాధికారిని. ఉద్యోగం బ్యాంకులో, అందుకే నా నెత్తిన పెట్టారు.

మొదటి ఏడాది మేం చేసిన ఘనకార్యం: చందా అంతా మా సెక్రటరీ ఫోన్‌పే నంబర్‌కి వేయించాం. మంచివాడే, ఒక్క రూపాయి తినలేదు. కానీ ఆయన కూతురి పెళ్లీ అదే నెలలో. ఒకే ఖాతాలోంచి టెంట్ హౌస్ వాడికీ డబ్బు వెళ్లింది, ల్యాబ్ సామాను వాడికీ వెళ్లింది. గ్రూపులో ఎవరో స్క్రీన్‌షాట్ పెట్టారు. ముప్పై ఏళ్ల స్నేహాలు మూడు రోజుల్లో... ఇప్పటికీ ఇద్దరు మాట్లాడుకోరు.

తర్వాత బుద్ధొచ్చి సొసైటీగా రిజిస్టర్ చేశాం. 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. బైలాస్, పాన్, సొసైటీ పేరుమీద ఖాతా, ఇద్దరి సంతకాలు ఉంటేనే చెక్కు. రిజిస్టర్ కాని సంఘం న్యాక్ దృష్టిలో ఉన్నా లేనట్టే. ఆ తర్వాత అప్పటి ఆదాయపు పన్ను చట్టం కింద సొసైటీ ఆదాయానికి పన్ను లేకుండా 12ఏ, దాతల కోసం 80జీ తీసుకున్నాం. 80జీ ఉంటే ఇచ్చేవాళ్లకు పన్ను మినహాయింపు. అయితే 2000 దాటిన నగదుకు అది వర్తించదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు. ముందే చెప్పండి, తర్వాత తిట్లు తప్పుతాయి. ఏటా దాతల వివరాలు పన్ను శాఖకు ఫైల్ చేసి (మాకు అది 10బీడీ ఫారం) దాతలకు సర్టిఫికెట్ (10బీఈ) ఇవ్వాలి. ఇది మర్చిపోతే మార్చి నెల తర్వాత మీ ఫోన్ ఆగదు.

వస్తురూపంలో ఇచ్చేవాటి దగ్గర ఇంకా జాగ్రత్త. ఒక బ్యాచ్ వాళ్లు ఆర్‌వో ప్లాంట్ పెట్టించారు, లక్షన్నర పైమాటే. బిల్లు దాత సొంత కంపెనీ పేరు మీద ఉంది. కాలేజీ స్టాక్ రిజిస్టర్లో ఎక్కలేదు, మా ఆడిట్ లెక్కల్లోనూ లేదు. పిల్లలు నీళ్లు తాగుతున్నారు, కాగితం మీద మాత్రం ఆ ప్లాంట్ లేదు. మేం వెళ్లినప్పటి మాన్యువల్లో పూర్వ విద్యార్థులు ఐదేళ్లలో ఇచ్చింది ఐదు లక్షలు దాటితే పై శ్లాబు. ఆ ప్లాంట్ లెక్కలోకి వచ్చుంటే దాటేవాళ్లం.

రికార్డు రూమ్
నేను ఆఫీస్ సైడ్. ఖజానా గారు చెప్పింది అక్షరాలా నిజం. ఏది ఇచ్చినా కాలేజీ పేరుతో ఒరిజినల్ బిల్లు, స్టాక్ ఎంట్రీ, ప్రిన్సిపాల్ సంతకంతో రసీదు. ప్రిన్సిపాళ్లు మారుతుంటారు, రిజిస్టర్ మారదు. సంఘం డబ్బునీ సీపీడీసీ (కాలేజీ అభివృద్ధి కమిటీ) డబ్బునీ కలపొద్దు, ఆడిట్‌లో ప్రాణం తీస్తారు.

వెనక వరుస
నేను స్టూడెంట్ వైపు నుంచి చెప్తా. పోయిన ఏడాదే డిగ్రీ అయింది, కాలేజీ పేరు వద్దులెండి.

మా అప్పుడు సర్వే ఒకటి ఉండేది, కాలేజీలో చదువు ఎలా ఉందని విద్యార్థుల్ని అడిగే స్టూడెంట్ శాటిస్‌ఫాక్షన్ సర్వే, 21 ప్రశ్నలు. న్యాక్ వాళ్లే నేరుగా మెయిల్ పంపేవాళ్లు. మా కాలేజీ వాళ్లు ఇచ్చిన మెయిల్ ఐడీలు అడ్మిషన్ అప్పుడు మీసేవాలో ఎవరో పెట్టినవి. సగం మందికి ఆ ఐడీ ఉందనే తెలియదు, పాస్‌వర్డ్ సంగతి దేవుడెరుగు. నాది స్పామ్‌లో దొరికింది. మేడమ్, ఫస్ట్ ఇయర్లోనే పిల్లల దగ్గర కూర్చుని వాళ్లు వాడే మెయిల్ తీసుకోండి.

పీర్ టీమ్ వచ్చిన రోజు మాలో ఇరవై మందిని ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడారు, లెక్చరర్లు ఎవరూ లేకుండా. వాళ్లు వేరే రాష్ట్రం వాళ్లు, ఇంగ్లిష్‌లో అడిగారు. మాకు బెరుకు. కాసేపటికి ఒక మేడమ్ మెల్లగా, ‘లంచ్ ఎక్కడ తింటారు?’ అని అడిగారు. అంతే, అందరం ఒకేసారి మొదలుపెట్టాం. చెట్టు కింద తింటామని, వానొస్తే క్లాసులోనే అని, టాయిలెట్‌కి అమ్మాయిలు పక్కనున్న బంధువుల ఇంటికి వెళ్తారని. ముందురోజు మాకు ఏం చెప్పాలో చెప్పారు గానీ, అన్నం గురించి ఎవరూ చెప్పలేదు మరి. రిపోర్టులో అది వచ్చింది. తర్వాత ఆరు నెలలకు టాయిలెట్లు కూడా వచ్చాయి.

చాక్‌పీస్
వెనక వరుస తమ్ముడూ, ఈ పోస్టు మా వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తున్నాను, ఆర్చి బ్యాచ్ చదవాలి.

కుపర్టినో బాబాయి
నేను కాలిఫోర్నియాలో ఉంటాను, మీ లాంటి కాలేజీ నుంచే వచ్చినవాణ్ని. మా అబ్బాయి రెండేళ్లు ఇక్కడి డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో చదివి యూనివర్సిటీకి మారాడు. మొదట్లో ఇక్కడి మనవాళ్లకు కమ్యూనిటీ కాలేజీ అంటే చిన్నచూపు, ఫీజు చూశాక తగ్గింది.

డబ్బు విషయంలో ఇక్కడ ఒకటి నచ్చింది. కాలేజీకి అనుబంధంగా విడిగా ఒక ఫౌండేషన్ ఉంటుంది, దాతల డబ్బు అంతా దాని ద్వారానే. ఏం చేస్తారో ముందే రాసి అడుగుతారు, ‘పుస్తకాలు కొనలేని విద్యార్థులకు’ అని. ఆర్చి అని అడగరు. చాలా కంపెనీలు ఉద్యోగి ఎంతిస్తే అంత కలుపుతాయి.

గుర్తింపు పోతే ఏమవుతుందో కూడా ఇక్కడ చూశాం. శాన్ ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీకి 2013లో అక్రెడిటేషన్ సంస్థ గుర్తింపు తీసేస్తున్నామని ప్రకటించింది. చదువు బాగాలేదని కాదు, ప్రధానంగా డబ్బు నిర్వహణ, పాలన బాగాలేవని. గుర్తింపు లేని కాలేజీలో చేరితే ఫెడరల్ ఆర్థిక సాయం రాదు. కేసు కోర్టుకెళ్లింది, కాలేజీ మూతపడలేదు, 2017లో మళ్లీ ఏడేళ్లకు గుర్తింపు ఇచ్చారు. కానీ ఈలోగా వేలమంది విద్యార్థులు భయపడి వెళ్లిపోయారు.

ఇక అసలు విషయం. మీ అమెరికా పూర్వ విద్యార్థుల దగ్గర తొందరపడి డబ్బు తీసుకోకండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఫర్వాలేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా మీ సొసైటీ తీసుకోకూడదు. మా బ్యాచ్‌లో నలుగురం కలిసి పంపిన డబ్బు ఈ కారణంతో వెనక్కి ఇచ్చేశారు. అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు ఆ కోశాధికారికి దండం పెడతాను.

ఖజానా
బాబాయి గారూ, ఎఫ్‌సీఆర్‌ఏ రావాలంటే సొసైటీకి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు కార్యక్రమాల మీద ఖర్చు చేసి ఉండాలి. ఖాతా ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్‌లో తెరవాలి. చిన్న ఊరి కాలేజీ సంఘానికి అది అందని ద్రాక్షే. మేం అమెరికా వాళ్లను డబ్బు వద్దన్నాం. నెలకోసారి మా పిల్లలకు ఆన్‌లైన్లో ఇంటర్వ్యూ ప్రాక్టీస్ ఇమ్మన్నాం. ఆరుగురు ఒప్పుకున్నారు, ఇద్దరు నిజంగా చేస్తున్నారు. ఇద్దరు చాలు.

గోదారి గట్టు
అందరూ ఫైళ్ల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి కొంచెం అడ్డంగా మాట్లాడతాను. నేను ఆంధ్ర వైపు లెక్చరర్‌ని. ఏ ప్లస్ వచ్చిన కాలేజీలో సీట్లు నిండక గ్రూపులు ఎత్తేయడం చూశాను. 2025 ఫిబ్రవరిలో గ్రేడు కోసం లంచం ఇచ్చారన్న ఆరోపణల మీద తనిఖీ కమిటీ వాళ్లనే సీబీఐ అరెస్టు చేసింది. అలాంటి గ్రేడుని చూసి మా ఊరి రైతు తన కూతుర్ని కాలేజీలో చేర్పిస్తాడా? ఆయన అడిగేవి రెండే: బస్సు ఉందా, లెక్చరర్లు ఉన్నారా.

ఇక ఎస్‌ఎస్‌ఆర్ రాసిపెడతామని కన్సల్టెంట్లు వస్తారు. మా కాలేజీ ప్రత్యేకత అని న్యాక్‌కి చూపించే ‘బెస్ట్ ప్రాక్టీసులు’ ఏ కాలేజీకి రాసినా అవే: మొక్కలు నాటుట, రక్తదానం. ఆ డబ్బుతో బ్యూరెట్లు కొనండి మేడమ్.

పాత బెంచి
గట్టు గారూ, కోపం సరే. కానీ రూసా, తర్వాత పీఎం ఉషా లాంటి కేంద్ర పథకాల్లో డబ్బు ఇచ్చేటప్పుడు న్యాక్ చూస్తారు. గ్రేడు లేని ప్రభుత్వ కాలేజీ వరుసలో వెనకే నిలబడుతుంది, ఆ రైతు కూతురే నష్టపోతుంది. కన్సల్టెంట్ విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. మాకు రాసిచ్చిన రిపోర్టులో ఒకచోట వేరే జిల్లా కాలేజీ పేరు అలాగే ఉండిపోయింది, ప్రింట్ తీశాక చూశాం.

చాక్‌పీస్
ఇంకో సందేహం. 2024 జనవరిలో న్యాక్ వాళ్లు ఈ గ్రేడులు తీసేసి గుర్తింపు ఉంది, లేదు అన్న బైనరీ పద్ధతి తెస్తామన్నారు, తర్వాత ఒకటి నుంచి ఐదు లెవెల్స్ అన్నారు. మా స్టాఫ్‌లో కొందరు ‘ఆగుదాం మేడమ్, ఎలాగూ మారుతుంది’ అంటున్నారు.

పాత బెంచి
ఆగమనేవాళ్లు 2017లోనూ ఇదే అన్నారు. పద్ధతి ఏదైనా హాజరు షీటు అడగడం మానరు.

గోదారి గట్టు
బెస్ట్ ప్రాక్టీస్ సంగతి ఒకటి చెప్పి వెళ్తాను, తిట్టడానికే వచ్చాననుకుంటారు. మా దగ్గర కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని పిల్లలు ఊళ్లో సర్వే చేస్తారు. మా ఆర్థికశాస్త్రం పిల్లలు కౌలు రైతుల అప్పుల మీద చేశారు. చేతిరాత నోటు పుస్తకాలు, ఇంటి నంబర్లతో సహా. పీర్ టీమ్ ఆయన ఆ పుస్తకాలు తిరగేస్తూ టీ చల్లార్చుకున్నాడు. మీకు జిజ్ఞాస స్టూడెంట్ ప్రాజెక్టులు ఉన్నాయిగా, పాతవి బీరువాలో ఉంటాయి, తీయండి.

చాక్‌పీస్
మూడు వారాల తర్వాత వచ్చాను. సొసైటీ కాగితాలు పెట్టాం, ఏడుగురిలో నలుగురు ఆడవాళ్లు. టాయిలెట్ బ్లాక్ కోసం రెండు బ్యాచ్‌లు ముందుకొచ్చాయి, డబ్బు సొసైటీ ఖాతా తెరిచాకే తీసుకుంటామని చెప్పాం. జిజ్ఞాస ప్రాజెక్టులు పదకొండు దొరికాయి. ఆర్చి వాళ్లు మాత్రం అలిగి వేరే గ్రూపు పెట్టుకున్నారు, ఫ్లెక్సీ కూడా డిజైన్ చేయించారట.

ఇప్పుడు కొత్త సమస్య. సభ్యత్వం ఇవ్వాలంటే పాత అడ్మిషన్ రిజిస్టర్లు చూడాలి. మొదటి మూడేళ్ల పుస్తకానికి చెదలు పట్టింది. పేర్లు సగం ఉన్నాయి, ఇంటిపేర్లు లేవు.

రికార్డు రూమ్
దులపొద్దు, ఎండలో పెట్టొద్దు. ఒక్కో పేజీ కింద తెల్ల కాగితం పెట్టి ఫొటో తీయండి. పోయిన ఇంటిపేర్లు పరీక్షల నామినల్ రోల్స్‌లో (పరీక్ష రాసే విద్యార్థుల జాబితాల్లో) ఉంటాయి, యూనివర్సిటీకి పంపిన కాపీ ఆఫీసులో ఉండాలి. ఆ కాలం అటెండర్ ఎవరైనా ఊళ్లో ఉన్నారేమో కనుక్కోండి, ఏ బీరువాలో పెట్టారో ఆయనకే తెలుస్తుంది.

చాక్‌పీస్
ఉన్నారు. బస్టాండ్ దగ్గర జిరాక్స్ షాపు ఆయనదే. రేపు వెళ్తున్నాను.