పిల్స్నర్ 'క్రిస్ప్‌'గా ఉంది అంటే తెలుగులో ఏమంటాం?

ఫిల్లీలో తెనాలి:
ఒక మాట దొరక్క శనివారం నుంచీ బుర్ర తినేస్తోంది, మీరే దిక్కు. మా ఆఫీసులో ఒక అమెరికన్ ఫ్రెండుకి తెలుగు నేర్చుకోవాలని సరదా. వాడూ నేనూ ప్రీమా పిల్స్ అనే పిల్స్నర్ రకం బీరు తాగుతున్నాం, విక్టరీ అని ఇక్కడ ఫిలడెల్ఫియాకి దగ్గర్లోనే డౌనింగ్‌టౌన్‌లో 1996లో పెట్టిన బ్రూవరీ, వాళ్ళది. వాడు ఒక గుక్క వేసి "క్రిస్ప్" అన్నాడు, మీ భాషలో ఏమంటారు అని అడిగాడు. నేను ఠక్కున "కరకరలాడుతోంది" అనేశా. అన్నాక నాకే నవ్వొచ్చింది, అది చేగోడీకి చెప్పే మాట గానీ బీరుకేంటి!

అసలు ఎలా ఉంటుందో చెప్తా. గ్లాసులో పోస్తే ఎండిన వరిగడ్డి రంగు, పైన రెండు వేళ్ళ మందాన తెల్లటి నురగ, తాగేకొద్దీ ఆ నురగ గ్లాసు లోపలివైపు వలలాగా అంటుకుని మిగిలిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే అయితే ఏమీ తెలీదు, ఒక ఐదు నిమిషాలు ఆగితే ముందు పచ్చగడ్డి వాసన, నిమ్మతొక్క, కాస్త మిరియం, ఆ కింద ఎక్కడో అప్పుడే వేయించిన పేలాల వాసన. నోట్లో పడగానే ఒక్క క్షణం కమ్మగా, వెంటనే చేదు. చేదు గట్టిగానే ఉంటుంది కానీ కాకరకాయలాగా తిష్ట వేయదు, గుటక పడగానే నోరు పొడిపొడిగా అయిపోయి మళ్ళీ గుక్క కావాలనిపిస్తుంది. ఆ వెళ్ళిపోవడం ఉంది చూడండి, దానికి కావాలి మాట.

జనగామ పిలగాడు:
అన్నా వగరు అనొచ్చు గదా. మా దిక్కు కల్లుకు తియ్యగున్నది, పుల్లగున్నది, వగరుగున్నది అనే అంటరు, ఇంకో మాట నేనైతే ఇనలె. పొద్దుగాల దించిన కల్లు తియ్యగుంటది, మాపటికి పులుస్తది, దానికి మాటలు సాలుతయి మరి.

పదకోశం పిన్ని:
వగరు కాదు నాయనా. జామపిందె కొరికితే నాలుకని పట్టేసుకుంటుందే, అదీ వగరు. వగరు పట్టుకుంటుంది, ఆయన చెప్పేది వదిలేయడం. రెండూ ఎదురెదురు. ఇంకోటి, చేదు కదా అని "కటువు" అందామని ఎవరైనా అంటారేమో, సంస్కృతంలో చేదు తిక్తం, కటు అంటే కారం. హిందీ వాళ్ళ నోట పడి కడవా అయ్యేసరికి అది చేదైపోయింది.

బీరుకి ఆ చేదునిచ్చే హాప్స్ కూడా పువ్వులేనట కదా బాబూ? అయితే మన ఉగాది పచ్చడిలో వేపపువ్వుకి వరసే.

ఫిల్లీలో తెనాలి:
అవును పిన్నీ, పాకే తీగకి కాసే ఆడపువ్వులు, ఎండబెట్టి వాడతారు. మరిగిస్తేనే చేదు దిగేది, ఆఖర్లో చల్లటి బీరులో వేస్తే ఎక్కువగా వాసనే వస్తుంది. కాలిఫోర్నియాలో పాసో రోబ్లెస్ ఊళ్ళో ఫైర్‌స్టోన్ వాకర్ అనే బ్రూవరీ వాళ్ళ పీవో పిల్స్‌కి అలాగే సఫీర్ అనే జర్మన్ హాప్స్ వేస్తారు, పువ్వు వాసన గుప్పుమంటుంది. మామూలు అమెరికన్ లైట్ లాగర్ బీరులో చేదు కొలత (ఐబీయూ అంటారు) 8 నుంచి 12 ఉంటే జర్మన్ పిల్స్‌లో 22 నుంచి 40 దాకా ఉంటుంది, అందుకే ఆ లైట్‌వి నాకు చప్పిడి నీళ్ళలా ఉంటాయి.

పదకోశం పిన్ని:
పీవో అన్నావా! చెక్ భాషలో పీవో అంటే బీరే. వాళ్ళ తాగడం అనే మాటా, మన సంస్కృతంలో పానం, పిబతి అనే మాటలూ ఒకే పాత ధాతువు పిల్లలు. అంటే శ్రీరామనవమి పానకానికీ నీ చేతిలో గ్లాసుకీ చుట్టరికం ఉందన్నమాట, ఈ సంగతి మా ఆయనకి చెప్పను.

జనగామ పిలగాడు:
😂 పిన్నీ, మరి పిల్స్నర్ అంటే?

పదకోశం పిన్ని:
పిల్సెన్ అనే చెక్ ఊరిది అని, అంతే. మనం "వెంకటగిరి కట్టుకుంది" అని చీర మాట ఎత్తకుండా అంటాం చూడు, అలాగ. 1842లో బవేరియా నుంచి వచ్చిన యోసెఫ్ గ్రోల్ ఆ ఊళ్ళో ఈ రకం బీరుని మొదట కాచాడు. ప్రీమా అంటే జర్మన్‌లో భేషైనది అని.

గోదారి గట్టు:
పుల్లవిరుపు.

ఫిల్లీలో తెనాలి:
ఆహా!! కానీ గురూగారూ, పుల్ల విరిచినట్టు మాట్లాడాడు అంటే మొహం మీద అనేశాడని, మర్యాద లేదని కదా, పొగడ్తకి పనికొస్తుందా?

గోదారి గట్టు:
ఆ బీరు చేసేదీ అదేగా. నాన్చదు. స్టౌట్ అనే నల్ల బీరులో చిన్నచిన్న లోపాలుంటే మాడ్చిన గింజ రుచి కప్పేస్తుంది, పిల్స్నర్ తేటగా ఉంటుంది, తప్పు జరిగితే దాచుకోడానికి చోటుండదు. క్రిస్ప్‌లో ఉన్నది విరగడమే, మనం పుల్లని విరుద్దాం. "పుల్లవిరుపు చేదు" అను, లేదా "చేదు చటుక్కున తెగింది" అను.

పదకోశం పిన్ని:
నాకు తెగడమే నచ్చింది. క్రియలో ఉంది అందం, విశేషణం కోసం వెతకడం ఇంగ్లీషు అలవాటు. కానీ పుల్లవిరుపు కూడా రాసి పెట్టుకుంటాను.

ఫిల్లీలో తెనాలి:
ఈ సాయంత్రం మావాడికి నేర్పించా. "పులావిరుపు" అంటున్నాడు, బీరులోకి పులావు ఎందుకొచ్చిందని వాళ్ళావిడ అడుగుతోంది.