చావులేని యోధుడికి స్వభావం ఎలా ఇవ్వాలి? నా కాలిబంటు దగ్గర కథ ఆగిపోయింది

తనయ ఒడ్డు (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకుంటూ పెరిగినవాణ్ణి. పగలు కొమ్ము బొమ్మల దుకాణంలో ఉంటాను. రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో రాసుకుంటాను. రెండేళ్ళుగా ఒక యాక్షన్ ఫాంటసీ నవల రాస్తున్నాను. పద్దెనిమిది అధ్యాయాలు అయ్యాయి, ఇక ముందుకు కదలడం లేదు.

కథంతా మహేంద్రగిరి చుట్టూ జరుగుతుంది. చిన్నప్పటి నుంచి శివరాత్రికి ఆ కొండ ఎక్కుతున్నాను. ఎత్తు 1501 మీటర్లు. పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి ఉన్నాయి. పరశురాముడు ఇప్పటికీ అక్కడే తపస్సులో ఉన్నాడని మా వైపు నమ్మకం. జాగారం రాత్రి దుప్పట్లు కప్పుకొని మంట చుట్టూ కూర్చున్నప్పుడు, ఈ జనంలోనే ఆయన కూడా ఎక్కడో కూర్చుని చలి కాచుకుంటున్నాడేమో అనిపించేది. నా కథ ఆ మంట దగ్గరే పుట్టింది.

చావులేని వాళ్ళు ముగ్గురున్నారు. మొదటివాడు కళింగ యుద్ధంలో పోరాడిన కాలిబంటు. రెండో మనిషి చోళ సైన్యంతో వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఏనుగుల మావటి కూతురు. మూడోవాడు ప్రతినాయకుడు, వరం కోరి తెచ్చుకున్న రాజుగారి తమ్ముడు. మా స్నేహితుడు చదివి, "పేర్లు తీసేస్తే ఎవరు మాట్లాడుతున్నారో తెలియట్లేదు" అన్నాడు. నిజమే. ముగ్గురూ బరువైన మాటలు మాట్లాడతారు, ముగ్గురూ ఒంటరిగా నిలబడతారు.

వీళ్ళలో నాకు ప్రాణం కాలిబంటు. క్రీ.పూ. 261 ప్రాంతంలో ఆ యుద్ధంలో అతని తమ్ముడు చనిపోయాడు, ఇతను చావలేదు. ఇతని కోసమే గంజాం జిల్లా జౌగడ వెళ్ళి అశోకుడి శాసనం ఉన్న రాయి చూసి వచ్చాను. అశోకుడు రాళ్ళ మీద చెక్కించిన 14 శాసనాల వరుసలో, కళింగ యుద్ధంలో ఎంతమంది చనిపోయారో చెప్పేది 13వ శాసనం. అది జౌగడలో లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌలి రాయి మీదా లేదు. 11, 12, 13 శాసనాలు వదిలేసి, వాటి బదులు కళింగ కోసం విడిగా రెండు శాసనాలు చెక్కించారు. వాటిలోనే "మనుషులందరూ నా బిడ్డలు" అనే మాట ఉంది. తిష్య నక్షత్రం రోజున, అంటే మన పుష్యమి నాడు, జనానికి చదివి వినిపించాలనీ ఉంది. నా కాలిబంటుకు చదువు రాదు. జనంలో నిలబడి విన్నాడు. తమ్ముడి మాట వస్తుందని చివరిదాకా చూశాడు, రాలేదు. ఇంతవరకు రాయగలిగాను.

ఆ తర్వాత ఇన్ని వందల ఏళ్ళు బతికిన మనిషి ఎలా మారతాడు? అతని గుణాలేమిటి, లోపాలేమిటి? ఇంకో చిక్కు: ఇద్దరికీ చావు లేకపోతే ఫైట్‌లో టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది?

బరంపురం టీచరమ్మ:

బాబూ, నేను ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. ఈ మధ్య ఇంత ఇష్టంగా చదివిన ప్రశ్న లేదు.

ముందు మన చిరంజీవులను చూడు, ఏ ఇద్దరూ ఒకలా ఉండరు. ఆ చిరంజీవిత్వం ఎలా వచ్చిందన్నదే వాళ్ళ స్వభావం. అశ్వత్థామకు అది శాపం. 3000 ఏళ్ళు తోడు లేకుండా, మాట్లాడే మనిషి లేకుండా, చీమూ నెత్తుటి వాసనతో అడవుల్లో తిరగమన్నాడు కృష్ణుడు. హనుమంతుడు తానే అడిగాడు, రాముడి కథ చెప్పుకున్నంత కాలం ఉంటానని. అందుకే అశ్వత్థామ మనుషులకు దూరంగా పోతాడు, హనుమంతుడు కథ చెప్పే చోటికి వస్తాడు. పరశురాముడు గెలిచిన భూమంతా కశ్యపుడికి దానం ఇచ్చేశాక, ఆ నేల మీద ఉండకూడదని మీ మహేంద్రగిరికి వచ్చాడు. నీ ముగ్గురికీ అది ఎలా దక్కిందో ముందు తేల్చుకో. కాలిబంటు అడగలేదు, మూడోవాడు అడిగి తెచ్చుకున్నాడు. ఇద్దరూ ఒకేలా నిట్టూర్చడానికి వీల్లేదు.

ఫైట్ సంగతికి వస్తే, భీష్ముడూ పరశురాముడూ అంబ కోసం 23 రోజులు కొట్టుకున్నారు. ఒకరు చిరంజీవి, ఒకరికి కోరుకున్నప్పుడే చావు. ఎవరూ చావరని వినేవాళ్ళకు తెలుసు. అయినా ఊపిరి బిగబట్టి వింటాం. ఎందుకంటే అంబ అక్కడ ఎదురుచూస్తోంది. నారదుడు చెప్పాక భీష్ముడు ప్రస్వాపాస్త్రాన్ని, అంటే నిద్రలో పడేసే అస్త్రాన్ని, ఆపాడు, పితృదేవతలు చెప్పాక పరశురాముడు విల్లు దించాడు. ఇద్దరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత నిప్పుల్లో దూకింది అంబ. నీ యుద్ధాల్లో పక్కన నిలబడ్డ మామూలు మనిషి ఎవరో చూసుకో, టెన్షన్ అక్కడుంటుంది.

ఇంకొకటి. కాలిబంటు చేత గ్రాంథికం మాట్లాడించకు. గిడుగు రామమూర్తి పంతులు గారు మీ పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూ, సవర భాష నేర్చుకుని, వాడుక భాష కోసం పోరాడిన మనిషి. ఆ ఊరివాడివి నువ్వు. కాలిబంటు ఏ కాలంలోనైనా తన కాలపు వాడుక మాటే మాట్లాడి ఉంటాడు.

చివరగా ఒక ప్రశ్న. అతణ్ణి "ఒరే" అని పిలిచేవాళ్ళు ఎవరైనా మిగిలారా?

గుణుపురం హవల్దార్:

బాబూ, నేను కథలు రాసేవాణ్ణి కాను. 24 ఏళ్ళు ఆర్మీలో ఉన్నాను. యోధుడి గురించి అడిగావు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

నువ్వు అతని ఆలోచనలు రాస్తున్నావు, అలవాట్లు రాయి. రిటైరై ఇన్నేళ్ళయినా హోటల్లో నేను గోడకు వీపు ఆనించి, గుమ్మం కనబడేలా కూర్చుంటాను. చెప్పులైనా సరే, దులపకుండా వేసుకోను. సీసాలో నీళ్ళు పూర్తిగా తాగను, కొంచెం ఉంచుకుంటాను. దీపావళికి మొదటి బాంబు పేలినప్పుడు ఒళ్ళు దానంతటదే ఒంగుతుంది, రెండో దానికి ఏమీ కాదు. 24 ఏళ్ళకే నాకు ఇన్ని మిగిలాయి. నీ కాలిబంటుకు ఎన్ని ఉండాలి? చుట్టుపక్కల వాళ్ళకు వాటిలో సగం అర్థం కాకూడదు.

చావు లేదంటే నొప్పి లేదని కాదు. నాకు వానాకాలం మోకాలు లాగుతుంది. అతనికి పాత గాయాలన్నీ లాగుతాయి.

అతనికి ధైర్యం అనే గుణం ఇవ్వకు. పోవడానికి ప్రాణం ఉన్నవాడిదే ధైర్యం. ఇతనికి ఓపిక ఇవ్వు. లోపం ఏమిటంటే, పక్కవాడు చస్తాడన్న సంగతి మరిచిపోతాడు. కొండల్లో ముందు నడిచేవాడు ఆగకుండా, నీళ్ళు తాగకుండా నడిస్తే వెనకవాళ్ళు అతణ్ణి చూసి అలాగే నడిచి పడిపోతారు. అది నా కళ్ళతో చూశాను. చావనివాడు ముందు నడిస్తే ఎంత ప్రమాదమో ఆలోచించు.

పారశీక రాజుల దగ్గర "అమరులు" అనే దళం ఉండేదని హెరోడోటస్ రాశాడు. 10,000 మంది. ఒకడు పోతే వెంటనే ఇంకొకణ్ణి పెట్టేవారు, లెక్క తగ్గేది కాదు. బయటివాళ్ళకు అది చావులేని దళం. లోపలున్నవాడికి మాత్రం ఆ పక్క మీద నిన్నటిదాకా ఎవరు పడుకున్నారో తెలుసు. మీ రాజుగారి తమ్ముడు అలాంటి లెక్క చూసుకునేవాడు కావచ్చు. కాలిబంటుకు ఒక్కొక్కరి పక్కా గుర్తుంటుంది.

ప్రాణహిత (సిరొంచ):

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. నది దాటితే కాళేశ్వరం. రెండే మాటలు చెబుతాను.

మా నాన్న మరాఠీ బడిలో చదివాడు. డబ్బులు తెలుగులో లెక్కపెడతాడు, ఎక్కాలు మాత్రం మరాఠీలోనే చెబుతాడు. జ్వరమొస్తే పూర్తిగా తెలుగే. మీ మావటి కూతురు దెబ్బ తగిలినప్పుడు ఏ భాషలో అరుస్తుంది, ఏనుగుతో ఏ భాషలో మాట్లాడుతుంది? మహేంద్రగిరి మీద చోళుల విజయ శాసనం సంస్కృతంలోనూ తమిళంలోనూ ఉంది కదా. వెయ్యేళ్ళుగా ఆమె భాషలో ఆమెకు జవాబిచ్చేది ఆ రాయి ఒక్కటే. అక్కడ కూర్చోబెట్టండి ఆమెను.

రెండోది కాలిబంటు కోసం. ఉద్యోగం మీద గుత్తిలో ఉన్నప్పుడు కర్నూలు జిల్లా ఎర్రగుడి రాళ్ళు చూశాను. అక్కడ 14 శాసనాలూ ఉన్నాయి, 13వది కూడా. లక్షమంది చనిపోయారు, లక్షన్నర మందిని పట్టుకుపోయారు, అంతకు ఎన్నో రెట్లు తర్వాత పోయారు అని. మీవాడికి జౌగడలో దొరకని మాట మన తెలుగు నేల మీదే చెక్కి ఉంది. అతణ్ణి అక్కడికి నడిపించండి.

తనయ ఒడ్డు (పర్లాకిమిడి):

టీచర్ గారూ, హవల్దార్ బాబాయ్ గారూ, సిరొంచ అన్నగారూ, నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎర్రగుడి సంగతి నాకు తెలియదు. నవల రెండో సగం మొత్తం దొరికేసింది.

టీచర్ గారి చివరి ప్రశ్న చదివితే మా నాయనమ్మ గుర్తొచ్చింది. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మాకు చాలా రోజులు కరెంటు లేదు. ఆ చీకట్లో ఎదురింటి ముసలమ్మ, మా నాయనమ్మ ఇద్దరూ అరుగు మీద కూర్చుని "ఒసే", "ఒసే" అనుకుంటూ చిన్నపిల్లల్లా కబుర్లు చెప్పుకున్నారు. ఆ చలికాలంలోనే ఆవిడ పోయింది. మా నాయనమ్మ ఏడవలేదు. "ఇంక నన్ను ఒసే అనేవాళ్ళు లేర్రా" అంది, అంతే. కొన్నాళ్ళకు నన్ను దగ్గరికి పిలిచి, "ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువు" అని అడిగింది. నాకు నోరు రాలేదు. నాయనమ్మను పేరు పెట్టి ఎలా పిలుస్తాను? నవ్వి తప్పించుకున్నాను. మరుసటేడు ఆమె కూడా పోయింది. పిలిచి ఉండాల్సింది.

నా కాలిబంటు గుణం ఇదేనని ఇప్పుడు తెలిసింది. చూడ్డానికి ముప్పై ఏళ్ళవాడు. బస్సులో అరవై ఏళ్ళ మనిషిని "బాబాయ్" అని, ఎనభై ఏళ్ళ ముసలాయన్ని "తాతా" అని పిలవాలి, వాళ్ళ ముత్తాతల ముత్తాతలకంటే పెద్దవాడై ఉండి కూడా. అందరూ మర్యాదగానే మాట్లాడతారు. "ఒరే" అన్న చివరి మనిషి తమ్ముడే. వాడికీ వీడికీ ఏడాదే తేడా, "అన్నా" అనేవాడు కాదు.

ఈ ఒక్క మాటతో ముగ్గురూ విడిపోయారు. రాజుగారి తమ్ముణ్ణి ఎవరైనా "ఒరే" అంటే నాలుక కోస్తాడు. మావటి కూతురికి ఆ పిలుపులతో పనే లేదు, ఆమె మాటలన్నీ ఏనుగుతోనే. కాలిబంటు మాత్రం దానికోసమే గుణుపురం స్టేషన్లో మూటలు మోస్తాడు. అక్కడ ముసలి కూలీ ఒకాయన "ఒరే, ఆ మూట అందుకో" అని కసురుతాడు. ఇతను కదలకుండా నిలబడిపోతాడు, ఆయన మళ్ళీ కసిరేదాకా. హవల్దార్ గారూ, ఎర్రగుడి దారిలో ఇతని వెనక నడిచేది ఆ ముసలాయనే. ఇతను ఆగడం మరిచిపోతే పడిపోయేదీ ఆయనే. 23 రోజుల యుద్ధంలో అంబ ఉన్న చోట నా కథలో ఆయన ఉంటాడు.

పంతొమ్మిదో అధ్యాయం స్టేషన్ దగ్గర మొదలుపెట్టాను. సిరొంచ అన్నగారూ, ఎర్రగుడిలో ఆ 13వ శాసనం ఉన్న రాయి ఎంత ఎత్తులో ఉందో, మనిషి నిలబడి చెయ్యి చాపితే అందుతుందో లేదో చెప్పగలరా? చదవడం రాదు కాబట్టి అతను దాన్ని చేత్తో తడుముతాడు.