బైక్‌కి జీపీఎస్ ఎక్కడ బిగించాలి: హ్యాండిల్ మీదా, ట్యాంకు మీదా?

హనుమకొండ_హంటర్
అందరికీ నమస్కారం. వచ్చే శనివారం హైదరాబాద్ నుంచి శ్రీశైలం, అక్కడి నుంచి దోర్నాల, మార్కాపురం వెళ్తున్నాను. ఒక్కడినే. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350. జీపీఎస్ అంటే నాకు ఫోనే, వేరే పరికరం లేదు. ఫోన్ హోల్డర్ కొనాలి. హ్యాండిల్ బార్‌కి బిగించేది, మిర్రర్ రాడ్‌కి పట్టేది, ట్యాంకు బ్యాగ్ మీద ప్లాస్టిక్ కవర్ ఉండేది, మూడూ చూశాను. ఏది మంచిది? ఎందుకో కూడా చెప్పండి.

పాత_బుల్లెట్
ట్యాంకు బ్యాగ్. ఇంక ఆలోచించకండి. హ్యాండిల్‌కి ఫోన్ బిగిస్తే కెమెరా పోతుంది. కెమెరాలో లెన్స్ వణకకుండా పట్టుకునే ఓఐఎస్ అనే చిన్న ఏర్పాటు ఉంటుంది. ఇంజిన్ వణుకుడు హ్యాండిల్ గుండా నేరుగా దానికే తగులుతుంది. 2021లో ఆపిల్ కంపెనీయే చెప్పింది, పెద్ద ఇంజిన్ మోటార్ సైకిళ్ల హ్యాండిల్‌కి ఐఫోన్ బిగించొద్దని. నా ఫోన్ అలాగే పోయింది. విజయవాడ వెళ్లి వచ్చేసరికి ఫొటోలన్నీ మసక. సర్వీస్ సెంటర్‌లో వారంటీ వర్తించదన్నారు. కెమెరా మార్చడానికి అయిన డబ్బుతో మంచి హెల్మెట్ వచ్చేది.

నల్లమల_రూట్
పాత బుల్లెట్ అన్నా, మీది పాత 346 సీసీ ఇంజిన్. ఆయన అడుగుతున్నది హంటర్ గురించి. దానిది 349 సీసీ జే సిరీస్, లోపల వణుకుడు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది. మీ బండి వణుకుడుకీ దీనికీ పోలికే లేదు. ఆపిల్ చెప్పింది కూడా సగమే చెప్పారు. చిన్న ఇంజిన్‌ల మీద వణుకుడు తక్కువే అయినా, అక్కడ కూడా వైబ్రేషన్ డ్యాంపర్ పెట్టుకోమని అదే నోట్‌లో ఉంది. డ్యాంపర్ అంటే హోల్డర్‌కీ క్లాంప్‌కీ మధ్య రబ్బరు ముక్కలున్న చిన్న పళ్లెం, అంతే.

ఇక ట్యాంకు బ్యాగ్ సంగతి. ఈ రూట్‌లో నేను చాలాసార్లు తిరిగాను. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక అడవి, తర్వాత ఘాట్. మలుపు తిరుగుతూ ట్యాంకు మీదకి చూడాలంటే గడ్డం ఛాతీకి ఆనేంత తల వంచాలి. ఫుల్ ఫేస్ హెల్మెట్ పెట్టుకుని ఓసారి చేసి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 14 మీటర్లు పోతుంది. తల దించి ఎత్తడానికి రెండు సెకన్లు. అంటే 28 మీటర్లు రోడ్డు చూడకుండా పోయినట్టే. ఫోన్ మీటర్‌కి పైన, రోడ్డు చూసే చూపుకి కాస్త కిందగా ఉండాలి. తల కదలకూడదు, కన్ను మాత్రమే కదలాలి.

పాత_బుల్లెట్
రబ్బరు ముక్కలు పెడితే వణుకుడు ఆగుతుందా? తగ్గుతుంది. తగ్గడం వేరు, ఆగడం వేరు. 40 వేల ఫోన్ మీద ప్రయోగాలు చేయమంటారా?

కడియం_కుర్రోడు
నాది పల్సర్. హ్యాండిల్‌కే పెట్టి నాలుగేళ్లయింది. కెమెరా బాగానే ఉంది.

పాత_బుల్లెట్
మీకు పోలేదని ఎవరికీ పోదా? నాకు పోయింది.

స్కూటీ_సుజాత
అందరూ బైక్ గురించే మాట్లాడుతున్నారు. స్కూటర్లకి హ్యాండిల్ బార్ మొత్తం ప్లాస్టిక్ కవర్ లోపలే ఉంటుంది, క్లాంప్ పట్టుకోవడానికి చోటే లేదు. మాకు మిర్రర్ రాడ్ ఒక్కటే దిక్కు. అలాగే పెట్టించాను. ఫోన్ బరువుకి మిర్రర్ మెల్లగా కిందకి తిరిగిపోతుంది. వెనక వచ్చే లారీకి బదులు నా మోచేయి కనిపిస్తుంది. మిర్రర్ నట్టు ఎన్నిసార్లు బిగించినా పది రోజులకి మళ్లీ అదే కథ. మిర్రర్ పాడు కాకుండా స్కూటర్‌కి ఎక్కడ పెట్టాలో ఎవరైనా చెప్తే బాగుంటుంది.

నల్లమల_రూట్
సుజాత గారూ, మిర్రర్ రాడ్‌కి కాకుండా మిర్రర్ మొదట్లో, బోల్టు కిందే కూర్చునే ప్లేటు దొరుకుతుంది. మిర్రర్ విప్పి, ప్లేటు పెట్టి, మళ్లీ బిగిస్తారు. బరువు రాడ్ మీద కాకుండా మొదట్లో పడుతుంది. కొన్ని బళ్లలో కుడి మిర్రర్ మర రివర్స్‌లో ఉంటుంది, బలవంతంగా తిప్పొద్దు.

హనుమకొండ తమ్ముడూ, ఎక్కడ బిగించినా బండి నిలబెట్టి హ్యాండిల్ ఎడమకీ కుడికీ పూర్తిగా తిప్పి చూడు. ఫోన్ అంచు ట్యాంకుకి తగులుతుందేమో, క్లచ్ కేబుల్‌ని లాగుతుందేమో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. ఇంకోటి, అడవిలో సిగ్నల్ ఉండదు. శ్రీశైలం, దోర్నాల ప్రాంతం మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో. ఉపగ్రహాల నుంచి లొకేషన్ రావడానికి నెట్ అక్కర్లేదు, మ్యాప్ బొమ్మకే కావాలి. రాత్రి తొమ్మిదికి అడవి రోడ్డు మూసేస్తారు, తెల్లారేదాకా తీయరు. పొద్దున్నే బయల్దేరు.

పాత_బుల్లెట్
ఎండ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. హ్యాండిల్ మీద ఫోన్‌కి నేరుగా ఎండ కొడుతుంది. మే నెలలో అయితే ఫోన్ వేడెక్కి దానంతట అదే స్క్రీన్ ఆపేస్తుంది.

నల్లమల_రూట్
మరి నల్లటి ట్యాంకు బ్యాగ్‌లో ప్లాస్టిక్ కవర్ కింద ఫోన్ చల్లగా ఉంటుందా అన్నా? హ్యాండిల్ మీద కనీసం గాలి తగులుతుంది. కింద ఇంజిన్ సెగ, పైన ఎండ, మధ్యలో మీ ఫోన్. పైగా ట్యాంకు బ్యాగ్‌ని పట్టేది అయస్కాంతాలు. ఫోన్‌లో దిక్సూచికి అవి దగ్గరుంటే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మ్యాప్‌లో బాణం ఎటో తిరుగుతుంది. కెమెరా గురించి ఇంత జాగ్రత్తపడేవారు దీని గురించి ఆలోచించలేదా?

పాత_బుల్లెట్
నాది బెల్టుతో కట్టే బ్యాగ్. అయస్కాంతాలు లేవు. తెలియకుండా మాట్లాడకండి.

మలక్‌పేట్_డెలివరీ
చదువుతున్నా కాబట్టి ఒక మాట. నేను రోజుకు 20, 25 ఆర్డర్లు ఇస్తా. హ్యాండిల్ మీద ఫోన్ లేకపోతే నాకు పని లేదు. ట్యాంకు బ్యాగ్ నాకు కుదరదు. ఆర్డర్ ఆర్డర్‌కీ కవర్ తీసి, కస్టమర్‌కి ఫోన్ చేసి, మళ్లీ పెట్టడమా? వానాకాలంలో స్క్రీన్ మీద చుక్కలు పడితే దానంతట అదే మ్యాప్ జరుగుతది. జిప్ కవర్‌లో పెట్టి రబ్బర్ బ్యాండ్ వేస్తా. రెండు హోల్డర్లు విరిగినయ్. చౌక ప్లాస్టిక్‌వి కొనకండి. నాలుగు మూలలా పట్టేది, అలెన్ కీతో బిగించేది తీసుకోండి. స్పీడ్ బ్రేకర్ మీద ఫోన్ ఎగిరి రోడ్డు మీద పడితే వెనకొచ్చే కారు ఆగదు. నాకు అయింది.

పాత_బుల్లెట్
మీరు కోపం తెచ్చుకోవద్దు కానీ, ఊళ్లో డెలివరీ బళ్లు నడిపే తీరు చూస్తూనే ఉన్నాం. కళ్లన్నీ ఫోన్ మీదే. రాంగ్ రూట్‌లో వస్తారు, తలే ఎత్తరు.

మలక్‌పేట్_డెలివరీ
సార్, కోపం తెచ్చుకోవద్దని చెప్పి కోపం వచ్చే మాటే అన్నారు. ఎందుకు తల ఎత్తమో కూడా చెప్తా వినండి. మైండ్‌స్పేస్ జంక్షన్‌లో పైన ఫ్లైఓవర్, కింద అండర్‌పాస్. ఏ దారి పట్టాలో క్షణంలో చూసుకోవాలి. తప్పు పడితే ఎంతో దూరం పోయి యూటర్న్ తీసుకోవాలి. అక్కడ ఆర్డర్ లేట్ అయితే అడిగేది మిమ్మల్ని కాదు, నన్ను. మీరు ఆదివారం పొద్దున శ్రీశైలం పోయేటోళ్లు. దారి తప్పితే టీ తాగి వెనక్కి వస్తారు. మాకు దారి తప్పితే ఆ గంట పైసలు పోతయ్. మీ కెమెరా బాధ మీది. నాకు కెమెరా పోతే పోనీ, మ్యాప్ కనిపిస్తే చాలు.

కడియం_కుర్రోడు
బాగా చెప్పావు బ్రో.

నల్లమల_రూట్
చట్టం ప్రకారం కూడా ఆయన చేసేది తప్పు కాదు. 2020 అక్టోబర్ 1 నుంచి అమలైన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో దారి చూసుకోవడానికి ఫోన్ వాడొచ్చని ఉంది. ధ్యాస చెదరకూడదని షరతు. చేత్తో పట్టుకుని మాట్లాడితే అది వేరే కేసు.

పాత_బుల్లెట్
ధ్యాస చెదరకూడదు. ఆ మాట దగ్గరే ఆగండి. ఇప్పటిదాకా అందరూ ఏ మూల బిగిస్తే బాగా కనిపిస్తుందని మాట్లాడుతున్నారు. నేను చెప్పేది అసలు కనిపించకూడదని.

కెమెరా పోయిన మాట నిజం. కానీ ట్యాంకు బ్యాగ్‌కి మారింది అందుకు కాదు. నాలుగేళ్ల కింద చౌటుప్పల్ దాటాక మా ఆవిడ వెనక కూర్చుని ఉంది. ఫోన్ నల్లమల గారు చెప్పిన చోటే, మీటర్ పైనే ఉంది. తల దించలేదు, కన్ను మాత్రమే కదిలింది. నేను చూస్తున్నది ముందున్న మలుపు కాదు, ఇంకా ఎన్ని నిమిషాలు పడుతుందని. ముందు ఆటో ఆగింది. నాకు ఏమీ కాలేదు. ఆమెకి మణికట్టు విరిగింది. ఇప్పటికీ ఆ చేత్తో నీళ్ల బిందె ఎత్తలేకపోతోంది. ఫోన్ ఎదురుగా ఉంటే చూడాలనే అనిపిస్తుంది. అవసరం లేకపోయినా చూస్తాం. ట్యాంకు మీద ఉంటే చూడటం కష్టం, అందుకే పెట్టాను. చూడాలంటే బండి ఆపుతాను.

స్కూటీ_సుజాత
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదు కదండీ. మీ ఆవిడకి ఇప్పుడెలా ఉంది?

పాత_బుల్లెట్
పర్వాలేదమ్మా. చలికాలం నొప్పి వస్తుంది.

మలక్‌పేట్_డెలివరీ
సార్, మీ బాధ అర్థమైంది. డెలివరీ వాళ్ల మీద అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి. మీరు బండి ఆపి చూస్తారు. నేను ఆపితే వెనక హారన్లు, చోటు ఉండదు, టైం పోతది. ఆపే వీలు ఉన్నోళ్లకి, లేనోళ్లకి ఒకే మాట చెప్పకండి.

పాత_బుల్లెట్
తీసుకుంటున్నాను. అలా అనకుండా ఉండాల్సింది. కానీ ఆపే వీలు లేదనే మాట నేను ఒప్పుకోను. ఆపే వీలు మీకు లేకుండా చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లని అడగాలి.

మలక్‌పేట్_డెలివరీ
అడిగితే డెలివరీ యాప్‌లో నా ఐడీ బంద్ అయితది సార్.

నల్లమల_రూట్
నేను కొంతవరకు మారాను, పూర్తిగా కాదు. తెలియని జంక్షన్‌లో బాణం కళ్ల ముందే ఉండాలి. అది లేకపోతే జనం రోడ్డు మధ్యలో స్లో చేసి బోర్డులు వెతుకుతారు, అది ఇంకా ప్రమాదం. కానీ మొత్తం మ్యాప్, ఎంత టైం, ఎన్ని కిలోమీటర్లు, ఇవన్నీ ఎందుకు? రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మెటియర్ బైక్‌తో ఇచ్చిన ట్రిప్పర్ అనే చిన్న దారి చూపే తెరలో ఎటు తిరగాలి, ఎంత దూరంలో తిరగాలి, దాదాపు అంతే ఉంటుంది. హంటర్‌కి కూడా కొన్ని వేరియంట్లలో వస్తుంది. తమ్ముడూ, నీ బండికి ఉందా?

హనుమకొండ_హంటర్
లేదన్నా, నాది కింది వేరియంట్. ఇవాళే హోల్డర్ తెచ్చాను. అలెన్ కీతో బిగించేది, రబ్బరు డ్యాంపర్‌తో. మీటర్‌కి పైన పెట్టి హ్యాండిల్ రెండు వైపులా తిప్పి చూశాను, ఎక్కడా తగలట్లేదు. అచ్చంపేట దాకా ఫోన్ అక్కడ ఉంచుతాను. మన్ననూరు నుంచి జేబులో పెట్టేస్తాను. ఆ తర్వాత దోర్నాల దాకా దాదాపు ఒకటే రోడ్డు, చూడాల్సింది ఏమీ లేదు. సిటీలో ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

పాత_బుల్లెట్
జేబులో అంటే పై జేబులో, జిప్ ఉన్నది. ప్యాంటు జేబులో పెట్టుకోకు, పడితే తుంటి కింద ఫోన్ నలుగుతుంది. డోమలపెంట దాటాక డ్యామ్ దగ్గర కోతులు ఉంటాయి, అక్కడ ఆగితే ఫోన్ బయటకి తీయకు. వచ్చాక ఎలా ఉందో రాయి.