దసరా కొలువులో హాట్ రాడ్ బల్ల: ఎవరు ఏం చేస్తున్నారు?

కొలువు సమన్వయకర్త, ట్రాయ్, మిచిగన్

అందరికీ నమస్కారం. మన తిరుపతి, చిత్తూరు వాళ్ల సంఘం కొలువుకు దసరా శనివారానికి ట్రాయ్‌లో హాలు దొరికింది. తొమ్మిది మెట్ల కొలువు, పిల్లల పాటలు, గుగ్గిళ్లు, భోజనం ఎప్పటిలాగే ఉంటాయి. వీటికి మనుషులు కుదిరారు కాబట్టి ఇక్కడ వాటి సంగతి ఎత్తను. ఈ ఏడాది కొత్తగా అనుకున్నది కొలువు పక్కన హాట్ రాడ్ మోడళ్ల బల్ల, అంటే వేగం కోసం మార్చిన పాత కార్ల చిన్న నమూనాలు. తిరుపతి నుంచి మా బాబాయిగారు ఆ సమయానికి కూతురి దగ్గరికి వస్తున్నారు. నలభై ఏళ్లకు పైగా చిన్న స్కేలు కార్లు తయారు చేస్తున్నారు. బల్ల బాధ్యత తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఏమేం కావాలో ఆయనే ఇక్కడ రాస్తారు. చేయగలిగినవాళ్లు కింద చెప్పండి.

బాబాయిగారు, బైరాగిపట్టెడ, తిరుపతి

అమ్మా, అందరికీ ఆశీస్సులు.

ముందు ఒక మాట చెప్పాలి. నేను స్కూల్లో చదివే రోజుల్లో మా మామయ్యతో మద్రాసు వెళ్లినప్పుడు మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాల మధ్య ఒక నలిగిన అట్టపెట్టె దొరికింది. లోపల సగం విడిభాగాలే ఉన్నాయి, ఎలా అతికించాలో చెప్పే కాగితం లేదు. పెట్టె పక్కన ఏఎంటీ అనే పేరు, దాని కింద ‘ట్రాయ్, మిచిగన్’ అని ఉంది. తిరుగు ప్రయాణంలో రైలు తిరుపతి చేరేదాకా ఆ అక్షరాలే చదువుకున్నాను. 1948లో అల్యూమినియం ఆటకార్లతో మొదలైన ఆ కంపెనీ తరువాత ప్లాస్టిక్ కిట్లకు మారింది. 1958 నుంచి ఒకే పెట్టెలో మూడు రకాలుగా కట్టుకునే కిట్లు ఇచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు కట్టవచ్చు, సొంతంగా మార్చుకోవచ్చు, పందెపు బండిగానూ చేయవచ్చు. ఒకే కారుకు మూడు జన్మలు. ఆ ఊళ్లోనే మీరు నాకు బల్ల వేస్తున్నారు. నాకిది ఎంత పెద్ద విషయమో మీకు తెలియాలని రాశాను.

ఇక పని. నేను నాలుగు కార్లు తెస్తాను, అన్నీ 1/25 స్కేలువే, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు. వాటిలో రెండు 1932 ఫోర్డులు. ఆ ఏడాదే ఫోర్డ్ కంపెనీ సామాన్యుడు కొనగల ధరలో వి8 అనే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ పెట్టింది. 221 ఘనపు అంగుళాలు, 65 హార్స్‌పవర్. కొన్నేళ్లకు అవి పాతబడి చవకగా దొరికాక కాలిఫోర్నియా కుర్రవాళ్లు కొని, మడ్‌గార్డులు విప్పేసి, బరువు తగ్గించి, ఎండిన సరస్సుల మీద పరుగెత్తించారు. హాట్ రాడ్ పుట్టుక అదే.

అక్కడ పెయింట్లు, థిన్నర్, స్ప్రే డబ్బాలు ఎవరైనా కొని ఉంచాలి. మండే సరుకు కాబట్టి విమానంలో తేలేను. బ్లేడు కత్తులు, సన్న రంపం మాత్రం నా పెద్ద పెట్టెలో పడేస్తాను.

ఒక సభ్యురాలు, నోవై

బాబాయిగారికి నమస్కారం. అడగకుండా ఉండలేక అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. మా అమ్మ కొలువు పెడితే పై మెట్టు మీద మరపాచి బొమ్మలు (పెళ్లికి ఇచ్చే ఎర్రచందనం చెక్క జంట), ఆ కింద దేవతలు, బ్రహ్మోత్సవ వాహనాలు, చివరి మెట్టున కోమటి చెట్టి అంగడి. పిల్లలకు మనం చూపించాల్సింది అది కాదా? అమెరికా పందెపు కార్లు వాళ్లు ఎక్కడైనా చూస్తారు.

బాబాయిగారు, తిరుపతి

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. మెట్ల మీదికి ఒక్క కారు కూడా రాదు. వాటి క్రమం మీ అమ్మగారు పెట్టినట్టే ఉండాలి, అందులో నాకు రెండో మాట లేదు.

అయితే మెట్ల పక్కన నేల మీద ఏం ఉండేదో గుర్తు తెచ్చుకో. మా ఇంట్లో అమ్మ పాత దుప్పటిని గంజిలో ముంచి కుర్చీల మీద ఆరబెట్టి తిరుమల కొండ చేసేది. పది రోజుల ముందే రాగులు చల్లి మొలకెత్తించిన పళ్లేలు పక్కన పెడితే అవే అడవి. ఒకవైపు అలిపిరి మెట్లు, రెండోవైపు 1944లో వచ్చిన మొదటి ఘాట్ రోడ్డు. ఆ రోడ్డు మీద మా అన్నయ్య తగరపు బస్సు. ఆ బస్సుకు కిటికీలు కోసి, లోపల అగ్గిపుల్లలతో సీట్లు అతికించింది నేను. చూడడానికి వచ్చిన పెద్దవాళ్లు దేవుళ్లకు దండం పెట్టుకుని, తరువాత వంగి ఆ బస్సులోకి తొంగిచూసేవారు. నా చేతిపని నలుగురు చూడడం అదే మొదటిసారి. కొలువులో ఆ నేల భాగం పిల్లలది. దుకాణంలో కొన్నది మెట్లెక్కుతుంది, చేతితో చేసింది నేల మీద ఉంటుంది. మన బల్ల ఆ నేల భాగంలోకే వస్తుంది.

మరపాచి అన్నావు కాబట్టి అందరికీ ఒక హెచ్చరిక. తిరుపతి నుంచి ఎర్రచందనం బొమ్మలు తెమ్మని నన్ను ఇద్దరు అడిగారు. తేను. ఎర్రచందనం అంతర్జాతీయ వాణిజ్యం మీద అదుపు ఉన్న చెట్టు, అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటించకూడదు. మీ ఇళ్లలో పెళ్లినాటి జత ఎవరి దగ్గరైనా ఉంటే ఆ రోజుకు ఇవ్వండి. లేదంటే వేరే చెక్కతో చేసినవి తెస్తాను.

సభ్యురాలు, నోవై

మా అత్తగారి జత మా ఇంట్లో ఉంది, నేను తెస్తాను. రాగుల పళ్లేలు కూడా నావే. చల్లటి ఊరు కదా, పన్నెండు రోజుల ముందే చల్లుతాను.

రంగుల బాధ్యుడు, స్టెర్లింగ్ హైట్స్

బాబాయిగారూ, నేను కార్ల కంపెనీలో పని చేస్తాను కానీ మోడల్ ఎప్పుడూ ముట్టుకోలేదు. రంగులు నేను కొంటాను. ఏ రకం కావాలో చెప్పండి. మా గ్యారేజీలో ఒక రెండు కార్లకు మీరు రాకముందే రంగు వేసి పెట్టనా?

బాబాయిగారు, తిరుపతి

వేసి పెట్టు నాయనా. నేను చేసిన తప్పులు నువ్వు చేయకుండా చెబుతాను.

విడిభాగాలు పెట్టెలోంచి తీయగానే, అవి అంటుకుని ఉండే ప్లాస్టిక్ చట్రంతో సహా గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కడుగు. అచ్చులోంచి ఊడిరావడానికి ఫ్యాక్టరీలో వాడిన నూనె పొర దాని మీద ఉంటుంది. కడగకపోతే రంగు చేప పొలుసులా లేచిపోతుంది. ఆరాక అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీత కనిపిస్తుంది. మడ్‌గార్డుల మీద, డిక్కీ మూల మీద బాగా చూడు. దాన్ని గరుకు కాగితంతో నీళ్లు తడుపుతూ తీసెయ్. గుంట ఉంటే లప్పం పెట్టి, ఆరాక మళ్లీ రుద్దు. తరువాత బూడిద రంగు ప్రైమర్. నువ్వు కంటితో కనిపెట్టలేని గీతలన్నీ ప్రైమర్ బయటపెడుతుంది, అప్పుడు విసుక్కోకుండా వెనక్కి వెళ్లి సరిచెయ్.

చాలా ఏళ్ల కిందట నేను ఒక టింకరింగ్ షెడ్డులో మిగిలిన అసలు కారు రంగు తెచ్చి, ప్రైమర్ లేకుండా నేరుగా ప్లాస్టిక్ మీద కొట్టాను. మెరుపు బాగుంటుందని ఆశ. అందులోని ఘాటైన థిన్నర్ ప్లాస్టిక్‌ను తినేసింది. గంటలో టాపు మీద ఎండిన చెరువులా పగుళ్లు. మూడు నెలల పని పోయింది. అందుకే మోడళ్ల కోసం చేసిన రంగులే కొను.

ఇక్కడ కార్తీక వానలప్పుడు లాకర్ అనే త్వరగా ఆరే మెరుపు రంగు కొడితే గాలిలో తేమ పట్టి రంగు పాలలా తెల్లబడుతుంది. మీ దగ్గర ఇబ్బంది చలి. అక్టోబరులో వేడి లేని గ్యారేజీలో స్ప్రే కొట్టకు. సెప్టెంబరులోనే, ఎండ ఉన్న రోజున, తలుపు తెరిచి, మాస్కు పెట్టుకుని ముగించు. ఒక్కసారిగా తడిపేయకుండా మూడు నాలుగు పలుచని పూతలు వెయ్. ఒకటి నల్లగా ఉంచు, దాని మీద మంటలు నేను వేస్తాను.

మంటల గురించి కూడా చెప్పేస్తాను. ముక్కు దగ్గర పసుపు, తలుపుల వైపు నారింజ, కొసల్లో ఎరుపు, ఆ వరుసలో లేత రంగు ముందు. టేపును మంట ఆకారంలో కోయడంలోనే పనంతా ఉంది. నేను అమెరికా పుస్తకాల్లోని మంటలను చాలాకాలం నకలు చేశాను, ఏవీ కదిలినట్టు అనిపించలేదు. ఒకసారి శ్రీకాళహస్తిలో కలంకారీ చేసే ఇంట్లో కూర్చుని చూశాను. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి దారంతో బిగించిన కలం, రంగులో ముంచి, చేయి ఎత్తకుండా ఒక్క లాగులో దేవుడి వెనుక ప్రభలోని జ్వాలలు గీస్తున్నారు. ప్రతి జ్వాల కింద లావుగా మొదలై, పొట్ట దగ్గర వంగి, కొసకు వెంట్రుకంత అయ్యింది. ఇంటికొచ్చి అదే కలంతో ప్లాస్టిక్ మీద ప్రయత్నిస్తే రంగు నిలవక జారింది. పొడవు వెంట్రుకల కుంచెకు మారాను కానీ చేయి ఆ ఇంట్లో చూసినట్టే ఆడించడం నేర్చుకున్నాను. ఇప్పుడు నా కార్ల మంటలు ఆ ప్రభ మంటలే. బానెట్ మీద దేవుడి బొమ్మ మాత్రం ఎన్నడూ వేయలేదు, ఎవరూ వేయించవద్దు.

పిల్లల బల్ల బాధ్యురాలు, కాంటన్

పిల్లల కోసం జిగురు అక్కరలేని కిట్లు పన్నెండు తెప్పిస్తున్నాను. పెద్ద పిల్లలు ముగ్గురు అసలు కిట్ కట్టాలంటున్నారు. ఒకబ్బాయి టాపు కోసి కిందికి దించాలని పట్టుబట్టాడు. వద్దని చెప్పనా? పాడైతే ఏడుస్తాడేమో.

బాబాయిగారు, తిరుపతి

వద్దనకమ్మా. దయచేసి వద్దనకు. మార్చకపోతే అది హాట్ రాడ్ కాదు. ఆ అబ్బాయికి ఈ సంగతి చదివి వినిపించు.

1/25 స్కేలులో ఒక సౌకర్యం ఉంది. అసలు కారులో ఒక అంగుళం మన కారులో దాదాపు ఒక మిల్లీమీటరు. టాపు మూడు అంగుళాలు దించిన కారు కావాలంటే మూడు మిల్లీమీటర్లు కోయాలి. 1932 ఫోర్డులో ముందు చక్రం నుంచి వెనుక చక్రానికి 106 అంగుళాలు, మన బల్ల మీద దాదాపు 108 మిల్లీమీటర్లు. స్కేలు పట్టుకుంటే మిగతా అన్ని కొలతలూ ఇలాగే దొరుకుతాయి.

కోసే ముందు కిటికీ స్తంభాల మీద టేపు అంటించి రెండు గీతలు గీయాలి, మధ్యలో మూడు మిల్లీమీటర్లు. రంపాన్ని నొక్కకూడదు, దాని బరువుతోనే ఆడించాలి. ఆ ముక్క తీసేశాక టాపు దించితే ముందు స్తంభాలు కలవవు. అవి వెనక్కి వాలి ఉంటాయి కదా, పొట్టి చేసిన కొద్దీ పైన ఉన్న కొస ఒకచోట, కింద ఉన్న మొదలు ఒకచోట పడతాయి. పిల్లలు ఏడ్చేది ఇక్కడే. పాడు కాలేదు, అలాగే అవుతుంది. టాపును అడ్డంగా రెండు ముక్కలు చేసి, ముందు సగాన్ని ముందుకు జరిపి, మధ్య ఖాళీలో ప్లాస్టిక్ పట్టీ అతికించాలి. కిట్ చట్రం ముక్కలను ద్రవ జిగురులో కరిగిస్తే పేస్టులా అవుతుంది, పగుళ్లను అదే ప్లాస్టిక్‌తో పూడ్చవచ్చు. రెండు రోజులు ఆరనిచ్చి రుద్దాలి. కాబట్టి ఈ పని కార్యక్రమం రోజున కుదరదు. నేను వచ్చిన మరుసటి ఆదివారం వాడిని మా అమ్మాయి ఇంటికి పంపు, రంపం వాడి చేతికే ఇస్తాను, పక్కన నేను ఉంటాను.

వంకర వచ్చినా ఆ కారు కొలువులో ఉండాలి. నా నాలుగు కార్ల పక్కనే, అదే ఎత్తులో.

రంగుల బాధ్యుడు, స్టెర్లింగ్ హైట్స్

చదివి ఉత్సాహం వచ్చింది. కడిగి ఆరబెట్టాను. ఇంజన్‌కు తీగలు పెట్టవచ్చా? మా ఆఫీసులో ఇంజన్లు తెలిసినవాళ్లు చాలామంది వస్తారు, వాళ్లు అవే చూస్తారు.

బాబాయిగారు, తిరుపతి

పెట్టాలి. ఇక్కడ మోటారు వైండింగ్ దుకాణంలో తునకలుగా పడేసే రాగి తీగ సన్నని రకం తెస్తున్నాను. అసలు ప్లగ్గు తీగ మందం ఏడెనిమిది మిల్లీమీటర్లు, మనకు 0.3 చాలు. ఆ ఫోర్డ్ వి8లో సిలిండర్లు మండే క్రమం 1-5-4-8-6-3-7-2. తెలిసినవాళ్లు వస్తున్నారంటే తీగలు ఆ క్రమంలోనే వెళ్లాలి.

కార్లు ఎలా తెస్తావని మా అమ్మాయి బెంగపడుతోంది. చాసిస్ కింద రంధ్రం చేసి పలకకు మర బిగిస్తాను, చక్రాల మీద బరువు పడదు. బుడగల ప్లాస్టిక్ రంగుకు తగలనివ్వను, రోజంతా నొక్కుకుంటే బుడగల అచ్చు పడుతుంది.

మెట్ల బాధ్యుడు, ట్రాయ్

నేల భాగానికి ఆరడుగుల పలక సిద్ధం. ఎండిన సరస్సు ఎలా చేయాలి? తిరుపతి మట్టి తెస్తారా?

బాబాయిగారు, తిరుపతి

మట్టి తేకూడదు, అమెరికా కస్టమ్స్ వాళ్లు ఒప్పుకోరు. అక్కడే కుమ్మరి పనికి అమ్మే బంకమన్ను కొని, గోధుమ రొట్టె పిండికన్నా కాస్త పలుచగా కలిపి పలక మీద వేలి మందాన పరుచు. నీడలో ఆరితే దానంతట అదే పగులుతుంది. కాలిఫోర్నియాలో ఎల్ మిరాజ్ అనే సరస్సు నేల అలాగే ఉంటుంది. 1937లో ఆ ప్రాంతపు కుర్రవాళ్ల క్లబ్బులు కలిసి పందేల సంఘం పెట్టుకున్నాయి. ఈనాటికీ అక్కడ కార్లు పరుగెత్తుతున్నాయి. మన వైపు వానలు పడని ఏడాది చెరువు నేల చూసినవాళ్లకు ఆ పగుళ్ల గురించి నేను చెప్పనక్కరలేదు. ఒక చివర రాగుల పళ్లేలు పెట్టించండి.

ఇంకో చివర ఒక చిన్న చీటీ. మోనోగ్రామ్ కంపెనీ 1968లో రెడ్ బారన్ అనే వింత హాట్ రాడ్ బొమ్మ అమ్మింది. అది ఎంతమందికి నచ్చిందంటే ఆ బొమ్మను చూసి అసలు కారు కట్టించారు, కట్టింది మీ డెట్రాయిట్‌లోనే. ముందు బొమ్మ, తరువాత బండి. ఈ కథ పెద్ద అక్షరాలతో తెలుగులో, ఇంగ్లీషులో రాసి పిల్లల ఎత్తులో అంటించండి.

కొలువు సమన్వయకర్త, ట్రాయ్

చీటీ నేను రాస్తాను. రాగులు, మరపాచి, రంగులు, పలక, కిట్లు కుదిరాయి. మిగిలింది బల్ల దగ్గర గంటకు ఇద్దరు చొప్పున కాపలా. జిల్లా రెండైనా మన సంఘం ఒక్కటే కదా, తిరుపతి వైపు ఒకరు, చిత్తూరు వైపు ఒకరు ఉంటే బాగుంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు ఇంకా ఖాళీ.

పిల్లల బల్ల బాధ్యురాలు, కాంటన్

రెండు నుంచి మూడు మా ఇంటాయన, నేను. ఆ అబ్బాయికి చదివి వినిపించాను బాబాయిగారూ. ఆదివారం ఎన్ని గంటలకు రమ్మంటారని అడుగుతున్నాడు.

బాబాయిగారు, తిరుపతి

పొద్దున తొమ్మిదికి. టిఫిను మా అమ్మాయి పెడుతుంది. కారు పెట్టె మూత తెరవకుండా తెమ్మను, మొదటి విడిభాగం నుంచి కలిసి చూస్తాం.