‘కనిపించని కుట్రల’: చివరి ‘ల’ ఏకవచనమా, బహువచనమా?

మంజీర: అందరికీ నమస్కారం. మా బడి గ్రంథాలయంలో ఒక గోడ మీద పాటల కవుల గురించి రాయిస్తున్నాం. పాటలు రాస్తూ పెద్ద సాహిత్య పురస్కారం అందుకున్నవాళ్ల వరుస అది. గోరటి వెంకన్న గారి పేరు కింద ఆయన పాటలోంచి ఒక్క పాదం పెట్టాలనుకున్నాం. 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది ‘వల్లంకి తాళం’ పుస్తకానికని తెలుసు. అయినా పిల్లల నోట్లో ఆడేది ‘పల్లె కన్నీరు పెడుతుందో’ కాబట్టి దాన్నే తీసుకున్నాం. తీరా రాయబోతే చివరి మాట దగ్గర ఆగిపోయాను. నా చెవిలో ఉన్నది ‘పల్లె కన్నీరు పెడుతుందో కనిపించని కుట్రల’. తొమ్మిదో తరగతి అమ్మాయి ‘కుట్రలో’ అంటోంది. తోటి టీచరేమో ‘కుట్రలకు’ అని ఉండాలి, లేకపోతే వాక్యం పూర్తికాదు అంటున్నారు. రెండు రోజులుగా పని మీద మనసు నిలవడం లేదు. సోమవారం పెయింటర్ వస్తాడు. ఎవరైనా తేల్చి చెప్పండి.

పాలమూరోడు: ‘కుట్రల’ అక్కా, అనుమానమే అక్కర్లేదు. మీ అమ్మాయి అర్థం సరిగ్గానే పట్టుకుంది, మాటను మాత్రం పుస్తకాల భాషలోకి మార్చింది. ఇంట్ల, బడిల, చేన్ల అన్నట్టే కుట్రల. అంటే కుట్రలో. రెండో పాదం చూడండి, తల్లి బందీ అయిపోతున్నది. ఎక్కడ బందీ? కనిపించని కుట్రల.

నిఘంటువు: అంత తొందరపడకండి తమ్ముడూ. ‘కుట్రలు’ అనే బహువచనానికి విభక్తి చేరేముందు వచ్చే రూపం ‘కుట్రల’. తర్వాత రావలసిన ‘వల్ల’ గానీ ‘నడుమ’ గానీ పాట మింగేసింది, అంతే. మన జానపదంలో ఇది కొత్తేమీ కాదు. పైగా మొదటి పాదంలో పల్లె ఏడుస్తోంది. ఏడుపుకు కారణం చెప్పాలి గానీ చోటు చెబితే ఏం లాభం? కుట్రల వల్ల ఏడుస్తోంది.

పాలమూరోడు: సార్, మీరు పెద్దవారు, కానీ మా మాట మా ఇంట్లది. బహువచనం అయితే మేము ఊర్లల్ల, చేన్లల్ల అంటాం. కుట్రలు చాలా ఉంటే ‘కుట్రలల్ల’ అయ్యేది. ఇక్కడ ఉన్నది ఒక్క ‘ల’. కాబట్టి కుట్ర ఒక్కటే. పల్లెలోని ప్రతి చేతిపనినీ మింగుతున్నది ఒకే కుట్ర, అది కంటికి కనబడదు. ‘కుట్రలు’ అని చదివితే ఎవడో ఒక పటేలు, ఎవడో ఒక షావుకారు, ఇట్లా చిల్లర పన్నాగాల లెక్క తేలుతుంది. పాట బలమంతా పోతుంది.

తేటగీతి: ఈ ఏకవచనం వాదన నాకు చాలా నచ్చింది. ఇన్నేళ్లుగా బహువచనమనుకునే పాడుకుంటున్నాను.

కృష్ణాతీరం: నాదొక సందేహం. పాడేటప్పుడు చివర దీర్ఘం వినబడుతుంది కదా, ‘కుట్రలా’ అని. అది ‘కుట్రలాగా’ కాకూడదా? కనిపించని కుట్రలాగా పల్లె కన్నీరు పెడుతోంది, అంటే ఎవరికీ కనబడకుండా లోలోపల ఏడుస్తోందని. మాది తెనాలి దగ్గర. మేమంతా అలాగే అర్థం చేసుకున్నాం.

పాలమూరోడు: అన్నా, పోలిక చెప్పాలంటే మా దిక్కు ‘లెక్క’ అంటాం. కుట్ర లెక్క, పిట్ట లెక్క. ‘లా’ మా నోట రాదు.

నిఘంటువు: ఈ ఒక్క విషయంలో పాలమూరోడితో ఏకీభవిస్తాను. ఆ దీర్ఘం రాగానిది, మాటది కాదు.

కందం: ఎవరూ చూడని సంగతి ఒకటి చెబుతాను. పల్లవి ఒకసారి పాడి ఆపేది కాదు, మళ్లీ మళ్లీ తిరిగేది. ‘కనిపించని కుట్రల’ అనగానే మళ్లీ ‘పల్లె’ అని అందుకుంటారు. కలిపి వినండి: కనిపించని కుట్రల పల్లె. షష్ఠీ విభక్తి, అంటే కుట్రల యొక్క పల్లె. విభక్తి లోపమూ లేదు, మింగడమూ లేదు. చివరి మాట మొదటి మాటకు విశేషణం అయింది. నలభై ఏళ్లుగా పద్యాలు చదువుతున్న చెవికి ఇది తప్ప ఇంకోటి ఆనదు.

తేటగీతి: అద్భుతంగా ఉంది కందం గారూ! కానీ మొదటి పాదం తర్వాత వచ్చేది ‘నా తల్లి’ కదండీ. అక్కడ ‘కుట్రల నా తల్లి’ అవుతుంది. తల్లి కుట్రలు చేసినట్టు అర్థం వస్తుంది.

కందం: ఆ ఇబ్బంది ఉంది, ఒప్పుకుంటాను. అయినా రెండో పాదం చివర నుంచి మొదటికి తిరిగేటప్పుడు మాత్రం నా మాట నిలుస్తుంది.

మగ్గం: నమస్తే. మా నాయన సిరిసిల్ల నుంచి భివండి వచ్చి సాంచెల (మరమగ్గాల) మీద పనిచేసినాడు. నేను ఇక్కడే పుట్టిన, తెలుగు ఇంట్ల నేర్చుకున్నదే. వ్యాకరణం నాకు రాదు. కానీ ఈ పాట లోపలి చరణమే మీకు సాక్ష్యం కదా. కుమ్మరి వామిల, కమ్మరి కొలిమిల అని వస్తది, మా ఇంట్ల పాడే తీరు అదే. వామి ఒకటే, కొలిమి ఒకటే. కింద ‘ల’ అంటే ‘లో’ అయినప్పుడు పైన పల్లవిల వేరే ‘ల’ ఎట్లయితది?

పాలమూరోడు: శభాష్ తమ్ముడూ. నేను చెప్పాల్సింది నువ్వు చెప్పినవు.

కృష్ణాతీరం: ఒక్క నిమిషం. కుమ్మరి వామి ఏమిటి? వామి అంటే గడ్డివామి కదా? కుమ్మరి ఇంటి దగ్గర గడ్డివామిలో తుమ్మచెట్లు మొలిచాయనే నేను ఇంతకాలం అనుకున్నాను. కుండలు కాల్చడానికి గడ్డి కావాలి కాబట్టి అర్థం కుదిరిందనుకున్నాను.

పాలమూరోడు: కుండలు కాల్చేదే వామి అన్నా. పచ్చి కుండలు పేర్చి, కట్టెలూ పిడకలూ సర్ది, పైన గడ్డి కప్పి మంట పెడతారు. అది ఏడాదికి నాలుగుసార్లయినా కాలాలి. కాలకుండా వదిలేస్తేనే తుమ్మ మొలుస్తుంది. ఆ ఒక్క మాటలో కుమ్మరి ఎన్నేళ్లుగా చక్రం తిప్పలేదో చెప్పేసినాడు వెంకన్న.

నిఘంటువు: మా వైపు దీన్ని ఆవం అంటారు. కుమ్మరావం. నిఘంటువుల్లో ‘ఆవము’ చూడండి. గడ్డివామి, కుమ్మరి వామి రెండూ పేర్చిన కుప్పలే. మూలం ఒకటేనని నా నమ్మకం. ఆవము, వాము ఒకదానికొకటి చుట్టాలేనని కూడా అంటాను, అది మాత్రం నా సొంత ఊహ.

కృష్ణాతీరం: ఇరవై ఏళ్ల క్రితం ‘కుబుసం’ సినిమాలో విన్నప్పటి నుంచి గడ్డివామే కళ్లముందు కనబడేది. తుమ్మ మొలిచిన ఆవం అంటే బొమ్మ పూర్తిగా మారిపోయింది. ధన్యవాదాలండీ.

మంజీర: చాలా నేర్చుకుంటున్నాను. మరి గోడ మీద ‘కుట్రల’ అనే రాయించనా? పక్కన అర్థం కూడా ఇవ్వాలని హెచ్‌ఎం గారు అంటున్నారు. అందుకే ‘కుట్రలో’నా, ‘కుట్రల వల్ల’నా అన్నది తేలాలి.

తేటగీతి: మంజీర గారూ, మీ గోడ మీద సినారె కూడా ఉన్నారా? 1988 జ్ఞానపీఠ్ ‘విశ్వంభర’కు వచ్చిందని రాయకండి. చాలామంది అలాగే రాస్తారు. 1982 నుంచి జ్ఞానపీఠ్ ఒక్క పుస్తకానికి కాకుండా మొత్తం సాహిత్య కృషికి ఇస్తున్నారు. 1970లో విశ్వనాథ వారికి ‘రామాయణ కల్పవృక్షం’ మీద వచ్చింది, అది పాత పద్ధతి.

నిఘంటువు: తేటగీతి గారు చెప్పింది నిజం. ఇంకో తేడా కూడా ఉంది. సినారె సినిమాకు వేల పాటలు రాశారు. కానీ 1973లో అకాడమీ అవార్డు వచ్చింది ‘మంటలూ మానవుడూ’ కవితా సంపుటికి. ఆయన పాటకు సభల్లో చప్పట్లు, కవితకు పురస్కారాలు. వెంకన్న విషయంలో అలా కాదు. ఆయన పాటా కవితా ఒకటే. పాటను పాటగానే అకాడమీ గౌరవించిందని నేను అనుకుంటాను. 2016లో బాబ్ డిలన్‌కు నోబెల్ ఇచ్చినప్పుడు పాట సాహిత్యమేనా అని ప్రపంచమంతా వాదించుకుంది. అన్నమయ్య, త్యాగయ్యలు పుట్టిన భాషలో ఆ ప్రశ్నకు చోటే లేదు.

కందం: సరిగ్గా చెప్పారు. త్యాగయ్య పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ‘ల’ గురించి ఇంత వాదిస్తున్నారు, ‘పెడుతుందో’లో ఉన్న ‘ఓ’ మాటేమిటి? పల్లె ఏడుస్తోందని కవికి తెలుసు. తెలిసినదాని మీద ‘ఓ’ ఎందుకు?

పాలమూరోడు: అది బతుకమ్మ ఉయ్యాలో లాంటి ‘ఓ’. గొంతు సాగడానికి వచ్చింది.

కందం: కాదు. ఉయ్యాలో నామవాచకం మీద వచ్చింది, పిలుపు లాంటిది. ఇక్కడ క్రియ మీద ఉంది. క్రియ మీద ‘ఓ’ వస్తే సందేహం. పోతన గారి గజేంద్రుడిని తలుచుకోండి: ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’. ఆ ఒక్క ‘ఓ’లో ఏనుగు ప్రాణమంతా ఊగుతుంది. అంతవరకు మూడుసార్లు ‘కలడందురు’ అన్నాడు, ఉన్నాడని అంటారు అని. లోకం చెప్పిన మాట అది. నాలుగోసారికి సొంత గొంతు వచ్చింది, వచ్చీ రాగానే అనుమానం. ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడ గొంతు పూడుకుపోతుంది. పైగా చూడండి, ఆ కంద పద్యానికి ప్రాస కూడా మన లకారమే!

తేటగీతి: ఆ వెంటనే వచ్చే సీసం ఇంకా గొప్పది కందం గారూ. ‘కలుగడే నా పాలి కలిమి సందేహింప’ అని మొదలవుతుంది. ముందు పద్యంలోని ‘కలడు’ నుంచే ‘కలిమి’, ‘కలుగు’ పుట్టుకొస్తాయి. అనుమానించిన నోటితోనే, అదే ధాతువుతో, అనుమానాన్ని కడిగేస్తాడు. ఇలా ఒక్క మాటను పట్టుకుని ఇంత సేపు ఆడుకోగల కవి మనకు ఇంకొకరు లేరు.

నిఘంటువు: అయ్యా, పోతన దగ్గర జంట ఉంది. కలడో, లేడో. సందేహం జంటగానే వస్తుంది: వస్తాడో రాడో, ఉందో లేదో. జంట లేకపోతే ప్రశ్నపదం ఉండాలి: ఎవరో, ఎందుకో, ఎందరో. వెంకన్న పాదంలో జంటా లేదు, ప్రశ్నపదమూ లేదు. కాబట్టి పోతనను ఇక్కడికి తేవడం కుదరదు.

మగ్గం: సుద్దాల హనుమంతు పాటల ‘పాలు మరచి ఎన్నాళ్లయిందో’ అని వస్తది కదా సార్. మా నాయన ‘మా భూమి’ సినిమా చూసినంక అది పాడేటోడు. దాంట్ల ప్రశ్న ఉంది. కానీ జవాబు ఎవరు చెప్పాలె? జీతగాడు చెప్పడు, పాడేటోడికీ తెల్వదు. ఏడ్వకుండ ఏడ్చినట్టుంటది ఆ ‘ఓ’. వెంకన్న ‘ఓ’ కూడ గదే అని నాకు అనిపిస్తది.

కందం: మగ్గం తమ్ముడి మాట నాకంటే బాగుంది. నేను సందేహం అన్నదాన్ని ‘జవాబు అక్కర్లేని ప్రశ్న’గా మార్చుకుంటున్నాను. పోతనను మాత్రం వదులుకోను.

పాలమూరోడు: పోతన ఎట్లాగూ మా ఓరుగల్లు మనిషే, వదులుకోకండి.

తేటగీతి: పోతన ఊరు బమ్మెరా ఒంటిమిట్టా అనే చర్చ మళ్లీ మొదలుపెట్టవద్దు, దయచేసి. పోయినసారి వారం రోజులు నడిచింది. దాని బదులు ‘వల్లంకి తాళం’ పేరే చూడండి. వల్లంకి పిట్ట అని అందరికీ తెలుసు. కానీ అమరకోశంలో వీణకు ‘వల్లకీ’ అనే పేరుంది. పక్కన ‘తాళం’ ఉంది కదా, కవి మనసులో ఎక్కడో వీణ కూడా మోగి ఉంటుందని నాకొక ఊహ.

పాలమూరోడు: అమరకోశం దాకా పోవద్దు తేటగీతి గారూ. నల్లమల పక్కన పుట్టినోడికి పిట్ట చాలు. ఏరు, గుట్ట, తుమ్మ, పిట్ట, ఇవే ఆయన బడి.

నిఘంటువు: నేను అసలు ప్రశ్నకు వస్తాను. రాత్రి కూర్చుని వెంకన్న గారు స్వయంగా పాడిన రెండు సభల రికార్డింగులు విన్నాను. రెండింటిలోనూ ‘ల’నే, ‘లో’ కాదు, ‘లకు’ అంతకన్నా కాదు. ఇంతవరకు మంజీర గారు ధైర్యంగా రాయించవచ్చు. ఇక అర్థం సంగతి. మగ్గం చూపిన ‘వామిల, కొలిమిల’ బలమైన సాక్ష్యమే. అయినా అవి మామూలు వాక్యాలు. పల్లవిలో ‘కుట్రలల్ల’ అనాల్సి వస్తే తాళానికి రెండు మాత్రలు ఎక్కువవుతాయి. కవి ఒక ‘ల’తో సరిపెట్టుకుని ఉంటాడు. కాబట్టి స్థలం చెప్పే ‘ల’ అని ఒప్పుకున్నా, బహువచనం అవకాశం పోదు.

పాలమూరోడు: తాళం కోసం అర్థం మార్చుకునే కవి కాదు సార్ ఆయన.

నిఘంటువు: మార్చుకున్నాడనలేదు, కుదించాడన్నాను.

కందం: నా షష్ఠిని ఎవరూ ఖండించలేదని గుర్తుచేస్తున్నాను. తిరిగే పల్లవికి వ్యాకరణం కూడా తిరుగుతుంది.

మంజీర: అందరికీ ధన్యవాదాలు. ఇవాళ పెయింటర్ వచ్చాడు. ‘కనిపించని కుట్రల’ అనే రాయించాను. అర్థం రాయాల్సిన చోటు ప్రస్తుతానికి ఖాళీగా ఉంచాం. మీ వాదనలన్నీ చదివి వినిపిస్తే మా తొమ్మిదో తరగతి అమ్మాయి పాలమూరోడి పక్షం చేరింది. అదే అమ్మాయి ఇప్పుడు ఇంకోటి అడుగుతోంది. ‘సాలెల మగ్గం సడుగులిరిగినవి’ అని వస్తుంది కదా, సడుగులు అంటే మగ్గంలో ఏ భాగం? మా దగ్గర మగ్గం చూసినవాళ్లు ఎవరూ లేరు.

మగ్గం: ఆగండి అక్కా, నాయనను అడిగి చెప్త. ఫోన్ చేస్తున్న.

కృష్ణాతీరం: మా చీరాల వైపు మగ్గాల మాటలు వేరేగా ఉంటాయి. నేనూ కనుక్కుంటాను.