చర్చ: మడ అడవులను మళ్లీ పెంచడానికి కోట్లు పెట్టడం అవసరమా?

తీరగాలి:
2023-24 కేంద్ర బడ్జెట్‌లో మడ అడవుల పెంపకానికి 'మిష్టీ' పథకం ప్రకటించారు. నాకు మాత్రం అనుమానంగానే ఉంది. పాడైన తీరాన్ని బాగుచేయడానికి హెక్టారుకు మధ్యస్థంగా 80 వేల డాలర్లు అవుతుందని, 235 పరిశోధనలను పోల్చి చూసిన 2016 నాటి అధ్యయనం తేల్చింది. ఆ డబ్బుతో ఉన్న అడవిని కాపాడుకోవడం మేలు కదా?

గోదారి పాయ:
ఆ 80 వేలు మన లెక్క కాదండీ. అందులో ఎక్కువ ప్రాజెక్టులు ఆస్ట్రేలియా, యూరప్, అమెరికాలవి. బాగా ఖరీదైన పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి కూడా కలిపిన లెక్క అది. హెక్టారుకు అన్నిటికన్నా చవక మడ అడవే. వర్ధమాన దేశాల్లో ఖర్చు 30 రెట్ల వరకు తక్కువని అదే అధ్యయనం చెప్పింది. ఇంకో సంగతి కూడా ఉంది. డబ్బు ఎక్కువ పోసినంత మాత్రాన మొక్కలు ఎక్కువ బతకలేదు. స్థలం, పద్ధతి కుదిరిన చోటే బతికాయి.

2004 సునామీ తర్వాత శ్రీలంకలో వెయ్యి హెక్టార్లకు పైగా నాటితే, నిలిచింది సుమారు ఐదో వంతు. కొన్నిచోట్ల ఒక్క మొక్కా మిగల్లేదు. తగని నేలలో నాటారు, తర్వాత చూసుకునేవాళ్లు లేరు.

మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, ఊరివాళ్లు కలిసి ముందు కాలువలు తవ్వారు. చెట్లు నరికేసిన చోట నేల కుంగితే, పోటుకు వచ్చిన నీరు పాటుకు వెనక్కి పోదు. ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది, ఇక అక్కడ ఏదీ మొలవదు. అందుకే ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా చేపముల్లులా పిల్లకాలువలు. నీరు రోజూ వచ్చిపోతూ ఉప్పును కడిగేశాక తెల్లమడ అనే రకం మడచెట్టు నిలదొక్కుకుంటుంది. కాలువ పూడితే మళ్లీ తీయాలి. ఆ పూడికతీత కూలీని మొదటి అంచనాలోనే పెట్టాలన్నది నా వాదన.

తీరగాలి:
కాలువల మాట ఒప్పుకుంటాను. కానీ మొక్కలు ఎన్ని బతికాయో చాలా చోట్ల మొదటి ఏడాది రెండేళ్లే లెక్కపెట్టారని ఆ 2016 అధ్యయనమే చెప్పింది. ఐదో ఏడు ఎవరు చూస్తారు? నాటినవాటికి కాకుండా బతికినవాటికి బిల్లు ఇస్తే నేనూ మీ వైపే.

వేటపడవ:
మాది వేట మీద బతికే ఇల్లు. పీతలు, రొయ్య పిల్లలు పెరిగేది ఆ మడల్లోనే, కాబట్టి అడవి రావాలనే మేమూ కోరుకుంటాం. అయితే మొక్కలు నాటి, మమ్మల్ని పాయలోకి రానివ్వకపోతే మా పొయ్యి ఎలా వెలుగుతుంది? తవ్వే పని, పూడిక తీసే పని మా ఊరివాళ్లకే ఇవ్వండి, వలకు దారి వదలండి. ఐదో ఏడు లెక్క మేమే చూపిస్తాం.